ఇంటి కంప్యూటర్‌కు హార్డ్ డిస్కా, ఎస్ఎస్‌డీయా? రెండూ వాడాక నా అభిప్రాయం

మా ఇంటి డెస్క్‌టాప్‌లో కొన్నేళ్లుగా రెండూ పక్కపక్కనే పనిచేస్తున్నాయి: విండోస్, రోజువారీ ప్రోగ్రాములు ఉన్న 500 జీబీ సాటా ఎస్ఎస్‌డీ (చిప్‌లలో సమాచారం దాచే డ్రైవ్; సాటా అంటే హార్డ్ డిస్కులూ వాడే రకం కనెక్షన్) ఒకటి, ఫొటోలూ వీడియోలూ దాచుకునే 2 టీబీ హార్డ్ డిస్క్ మరొకటి. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని కంప్యూటర్ దుకాణాల సముదాయం సీటీసీలో అడిగితే "ఎస్ఎస్‌డీ వేయించుకోండి సార్, అన్నీ అందులోనే పెట్టేయండి" అంటారు. అందులో మొదటి సగాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను, రెండో సగాన్ని మాత్రం ఒప్పుకోలేను.

ఎస్ఎస్‌డీ రాకముందు ఇదే కంప్యూటర్ హార్డ్ డిస్క్ మీదే నడిచేది. స్విచ్ వేసి, తెర మీద బొమ్మలన్నీ వచ్చాక కూడా టాస్క్ మేనేజర్‌లో డిస్క్ వాడకం 100 శాతం దగ్గరే ఉండిపోయేది. క్యాబినెట్‌లోంచి వచ్చే గరగర ఆగేదాకా బ్రౌజర్ తెరిచినా ప్రయోజనం ఉండేది కాదు. హార్డ్ డిస్క్‌లో నిమిషానికి 7200 సార్లు తిరిగే పళ్లెం మీద, సమాచారాన్ని చదివే హెడ్ సరైన చోటికి చేరి, కావలసిన సమాచారం దాని కిందికి వచ్చేసరికి 10 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. విండోస్ మొదలయ్యేటప్పుడు అడిగేవేమో వేలకొద్దీ చిన్న ఫైళ్లు. కదిలే భాగాలే లేని ఎస్ఎస్‌డీలో ఆ జాప్యం మిల్లీసెకనులో పదో వంతుకు అటూఇటూగా ఉంటుంది. ర్యామ్ పెంచకుండా, ప్రాసెసర్ మార్చకుండా, పాత యంత్రం మళ్లీ పనికొచ్చింది.

సాటా ఎస్ఎస్‌డీ సెకనుకు సుమారు 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది, అంతకంటే వేగమైన కనెక్షన్ వాడే ఎన్‌వీఎంఈ రకాలు చాలావరకు 3000 దాటతాయి. ఉత్తరాలు, లెక్కలు, పిల్లల ఆన్‌లైన్ పాఠాలకు ఆ తేడా నాకు కనబడలేదు. ఎం.2 స్లాట్ (మదర్‌బోర్డు మీద చిన్న కార్డులాంటి ఎస్ఎస్‌డీని గుచ్చే చోటు) ఉన్నంత మాత్రాన అది ఎన్‌వీఎంఈని తీసుకుంటుందని కూడా కాదు; మదర్‌బోర్డు పుస్తకం చూసుకుని కొనాలి.

ఎస్ఎస్‌డీ త్వరగా అరిగిపోతుందనే భయం ఇంటి వాడకానికి అనవసరం. 300 టీబీ వరకు రాయవచ్చని హామీ ఉన్న డిస్క్‌లో రోజుకు 20 జీబీ రాసినా 40 ఏళ్లు పడుతుంది. నా అభ్యంతరం వేరే. హార్డ్ డిస్క్ చాలాసార్లు పోయేముందు కాపీ నెమ్మదించడం, కొత్త శబ్దం రావడం, డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రాములో రీఅలొకేటెడ్ సెక్టార్ల (పాడై, వేరే చోటికి మార్చిన భాగాల) సంఖ్య పెరగడం వంటి సూచనలిస్తుంది. మా బావగారి ల్యాప్‌టాప్‌లోని ఎస్ఎస్‌డీ మాత్రం రాత్రి బాగానే ఉండి, తెల్లారేసరికి బయోస్‌లోనే (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెరలోనే) కనిపించలేదు. పైగా ట్రిమ్ (చెరిపేసిన ఫైళ్ల చోటును ఖాళీ చేసుకోమని డ్రైవ్‌కు విండోస్ చెప్పే ఏర్పాటు) పనిచేసే ఎస్ఎస్‌డీలో పొరపాటున చెరిపేసిన ఫొటోను తిరిగి రాబట్టడం దాదాపు అసాధ్యం. కరెంటు లేకుండా ఏళ్ల తరబడి, అదీ మన ఎండల్లో, బీరువాలో పెట్టి ఉంచడానికి కూడా ఎస్ఎస్‌డీ తగదు.

పెళ్లి వీడియో చూడటానికైతే హార్డ్ డిస్క్ వేగం అవసరానికి మించే ఉంటుంది. టీబీకి అయ్యే ఖర్చూ తక్కువ. అయితే చవకగా దొరికే పెద్ద డిస్కుల్లో చాలావరకు ఎస్ఎంఆర్ రకం, అంటే ఎక్కువ సమాచారం పట్టేలా ట్రాకులను ఒకదాని మీదికి ఒకటి కొంత వచ్చేలా రాసేవి. నా దాంట్లో పాత వీడియోలన్నీ ఒకేసారి ఎక్కిస్తుంటే మొదట చకచకా సాగి, సగంలో పాకడం మొదలుపెట్టింది. ఒకసారి నింపి దాచుకోవడానికి పరవాలేదు గానీ, అలాంటిదాని మీద విండోస్ ఎక్కించకండి. మే నెల గాలివానలకు కరెంటు పోతుంది కనుక రెండింటికీ యూపీఎస్ తప్పనిసరి.

ఫొటోల రెండో ప్రతి ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో కూకట్‌పల్లిలోని మా అక్కయ్య ఇంట్లో ఉంటుంది. దసరాకు దాన్ని తెప్పించి, కొత్తవి ఎక్కించి, పాత ఫోల్డర్లు నాలుగైదు తెరుచుకుంటున్నాయో లేదో చూసి, మళ్లీ అక్కడికే పంపిస్తాం.