విద్యార్థి బడ్జెట్‌లో మొదటి డీఎస్‌ఎల్‌ఆర్: గోదారి గాలికి తట్టుకునే ఎంపిక

ముప్పై, నలభై వేల మధ్య మొదటి డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దంతో, లెన్సులు మార్చుకునే వీలున్న కెమెరా) కొందామని షాపుకెళ్తే సాధారణంగా ముందు చేతికొచ్చేది కానన్ 1500డి. 2018లో వచ్చిన మోడలు. 24.1 మెగాపిక్సెళ్లు, కెమెరాతో పాటే వచ్చే 18-55 కిట్ లెన్సు, వైఫై, పైన ఉచితంగా ఒక బ్యాగు. పగటి వెలుతురులో ఫొటోలు శుభ్రంగా వస్తాయి, మెనూ కూడా తేలిక. చెడ్డ కెమెరా కాదు. కానీ అమలాపురంలోనో భీమవరంలోనో కాకినాడలోనో చదువుకుంటూ, ఇంట్లో అడిగి తెచ్చుకున్న డబ్బుతో కొనేవాళ్లకి మా సిఫారసు అది కాదు. సెకండ్‌హ్యాండ్‌లో ఒక మెట్టు పైనున్న బాడీ (లెన్సు కాకుండా కెమెరా భాగం) తీసుకోండి. మిగిలిన డబ్బు ఒక మంచి లెన్సు మీద, తేమ తగలని డబ్బా మీద పెట్టండి.

1500డి ఎక్కడ ఆగిపోతుందో ముందు చెప్పాలి. సెకనుకి 3 ఫొటోలే తీస్తుంది. ఫోకస్ పాయింట్లు 9 ఉన్నా నిలువు గీతనీ అడ్డ గీతనీ రెండింటినీ పట్టే క్రాస్ టైప్ పాయింటు నడిమిది ఒక్కటే. కనుమ రోజు కోనసీమలోని జగ్గన్నతోట ప్రభల తీర్థంలో ప్రభని భుజాలకెత్తుకుని కాలువలో దిగి దాటించేటప్పుడు నీళ్లు చిమ్మే క్షణం, మోసేవాళ్ల మొహాలు ఒకేసారి పైకి లేచే క్షణం రెండు మూడు సెకన్లలో అయిపోతాయి. అక్కడ సెకనుకి 3కీ 5కీ మధ్య తేడా బాగా తెలుస్తుంది. స్క్రీన్ కదలదు కాబట్టి జనం తలల మీదుగా కెమెరా ఎత్తితే ఫ్రేములో ఏముందో చూడలేరు. స్క్రీన్‌లో చూస్తూ తీసే లైవ్‌వ్యూలో ఫోకస్ నెమ్మదిగా ముందుకీ వెనక్కీ వెతుక్కుంటుంది. అందుకే వీడియో కోసం ఇది కొనకూడదు. బయటి మైకు పెట్టుకునే రంధ్రం కూడా లేదు.

దీనికన్నా తక్కువలో దొరికే 3000డి వైపు చూడనే వద్దు. లెన్సు బిగించే మౌంటు ప్లాస్టిక్, స్క్రీన్ చిన్నది, కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్‌ని కళ్లద్దాల పవరుకి తగ్గట్టు సరిచేసుకునే చక్రం లేదు. కొన్ని వేలు మిగుల్చుకోవడానికి ఇన్ని వదులుకోనక్కర్లేదు.

సెకండ్‌హ్యాండ్‌లో వెతకాల్సినవి మూడు. మొదటిది కానన్ 200డి (2017). ఇందులో డ్యుయల్ పిక్సెల్ ఫోకస్ ఉంది కాబట్టి లైవ్‌వ్యూలో, వీడియోలో ఫోకస్ వేగంగా, మెత్తగా పట్టుకుంటుంది. స్క్రీన్ బయటికి తిరుగుతుంది, వేలితో తాకితే పనిచేస్తుంది. మైకు రంధ్రం ఉంది. సెకనుకి 5 ఫొటోలు. వ్యూఫైండర్‌లో మాత్రం 1500డి లాగే 9 పాయింట్లు, నడిమి ఒక్కటే క్రాస్. యూట్యూబు, కాలేజీ ఈవెంట్ల వీడియో కూడా మనసులో ఉంటే ఇంకేమీ ఆలోచించకుండా ఇదే. రెండోది నికాన్ డి5300 (2013). 39 ఫోకస్ పాయింట్లు, తిరిగే స్క్రీన్, వైఫై ఉన్నాయి. పాతదే అయినా వెలుతురుని ఫొటోగా మార్చే సెన్సర్ బలమైనది. తెల్లారుజామున ధవళేశ్వరం బ్యారేజీ మీదనుంచో, లంకరేవులోనో సూర్యుడికి ఎదురుగా పడవని తీస్తే ఆకాశం మెరిసిపోతూ, పడవ నల్లగా పడుతుంది. సెన్సర్ పట్టిన సమాచారాన్ని ఉన్నదున్నట్టు దాచే రా ఫైల్లో ఆ నలుపుని పైకి లేపినప్పుడు 1500డిలో రంగు చుక్కలు లేచినంతగా డి5300లో లేవవు. నది ఒడ్డున ఉండి ఉదయం, సాయంత్రం తీసేవాళ్లకి ఇదే అన్నిటికన్నా ఎక్కువగా ఉపయోగపడే గుణం.

మూడోది నికాన్ డి3500. బ్యాటరీ, కార్డుతో కలిపి 415 గ్రాములే. కంపెనీ లెక్క ప్రకారం ఒక చార్జితో 1550 ఫొటోలు తీస్తుంది. అదే 1500డికి 500. లంకల్లో రోజంతా తిరిగేవాళ్లకి ఇదొక వరం. మైకు రంధ్రం లేదు, వైఫై లేదు, బ్లూటూత్‌తోనే ఫొటోలు ఫోనుకి వెళ్తాయి. సెన్సర్‌ని దానంతటదే దులుపుకునే ఏర్పాటు కూడా తీసేశారు కాబట్టి లెన్సు మార్చేటప్పుడు ఎక్కువ జాగ్రత్త కావాలి, ముఖ్యంగా కోతల రోజుల్లో ధాన్యం దుమ్ము లేచే చోట.

నికాన్ కొనేవాళ్లు ఒక మెలిక తెలుసుకోవాలి. డి3000, డి5000 వరుసల బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు. లెన్సులోనే ఉండాలి. పేరులో ఏఎఫ్-ఎస్ లేదా ఏఎఫ్-పి అని ఉన్నవే ఆటోఫోకస్ అవుతాయి. చవగ్గా వస్తోందని పాత ఏఎఫ్-డి 50ఎంఎం కొంటే ప్రతి ఫొటోకీ చేత్తో తిప్పుకోవాల్సిందే. ఇంకొకటి: డి3200, డి3100, డి5100 లాంటి పాత బాడీలకి కొత్త ఏఎఫ్-పి కిట్ లెన్సు తగిలిస్తే అసలు ఫోకసే కాదు. బాడీ ఒకరి దగ్గరా లెన్సు ఒకరి దగ్గరా కొనేటప్పుడు రెండిటినీ ఒకచోట చేర్చి, తగిలించి, తీసి చూడకుండా డబ్బు ఇవ్వకండి.

ఇవన్నీ సెకండ్‌హ్యాండ్‌లో అందుబాటు ధరకి రావడానికి కారణం ఉంది. 2020 తర్వాత కానన్, నికాన్ కొత్త డీఎస్‌ఎల్‌ఆర్ మోడలు ఒక్కటీ విడుదల చేయలేదు. పెళ్లిళ్లు తీసే స్టూడియోలు లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలకి మారుతూ పాత బాడీలు అమ్మేస్తున్నాయి. అంతమాత్రాన ఇవి పనికిరానివైపోలేదు. లెన్సులు కావాల్సినన్ని ఉన్నాయి, ఫొటోగ్రఫీ నేర్చుకోవడానికి కావలసినవన్నీ వీటిలో ఉన్నాయి. 2027 గోదావరి పుష్కరాలకి ఇప్పుడు కొన్న డి5300 హాయిగా పనిచేస్తుంది. కాకపోతే స్టూడియో బాడీ విపరీతంగా వాడి ఉంటుంది. ఇంట్లో సరదాకి కొని పక్కన పడేసినదాంట్లో క్లిక్కులు తక్కువ, లెన్సులో ఫంగస్ (బూజు) ఎక్కువ. ఏది ఎవరి దగ్గర్నుంచి వస్తోందో అడిగి తెలుసుకోండి.

ఇక లెన్సు. మొదటిసారి కొనేవాళ్లు తక్కువ ఆలోచించేది దీని గురించే, ఫొటో మీద ఎక్కువ ప్రభావం చూపేదీ ఇదే. కాలేజీ ఆడిటోరియంలో కూచిపూడి జరుగుతోందనుకోండి. కిట్ లెన్సుని 55కి జూమ్ చేస్తే అపెర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్ పక్కన అంకె తగ్గేకొద్దీ పెద్దదవుతుంది) ఎఫ్/5.6 దాటి తెరుచుకోదు. ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సర్ ఎంత స్పందించాలో చెప్పే అంకె) 6400 పెట్టినా షట్టర్ తెరిచి ఉండే సమయం సెకనులో 60వ వంతు దగ్గరే ఉండిపోతే, చేతులు, గజ్జెలు మొత్తం చెదిరిపోతాయి. లెన్సులోని స్టెబిలైజర్ మన చెయ్యి వణుకుని ఆపుతుందే తప్ప నర్తకి కదలికని ఆపలేదు. అదే చోట 50ఎంఎం ఎఫ్/1.8 పెడితే దాదాపు పది రెట్ల వెలుతురు లోపలికి వస్తుంది. అదే ఐఎస్ఓలో షట్టర్ 500వ వంతుకి వెళ్తుంది. లేదా 250వ వంతుతో సరిపెట్టుకుని ఐఎస్ఓని 3200కి దించుకోవచ్చు. బాడీ మార్చి ఇంత తేడా తేవాలంటే ఎన్ని వేలు పోసినా చాలదు.

కానన్‌లో ఆ లెన్సు 50ఎంఎం ఎఫ్/1.8 ఎస్‌టీఎం. 2015లో వచ్చింది, మౌంటు లోహం. పాత 50ఎంఎం ఎఫ్/1.8 రెండో వెర్షన్ ప్లాస్టిక్ మౌంటుతో, గరగరమనే మోటారుతో ఉంటుంది. ధరలో తేడా కొద్దిగానే ఉంటే ఎస్‌టీఎం వైపే వెళ్లండి. చిన్న సెన్సర్ వల్ల 50ఎంఎం ఈ బాడీల మీద 80ఎంఎంలా, అంటే దృశ్యం ఇంకా దగ్గరికి వచ్చినట్టు కనబడుతుంది. మనుషుల మొహాలకి చక్కగా ఉంటుంది గాని, పెంకుటింటి వసారాలో పదిమందిని ఒక ఫ్రేములో పెట్టాలంటే వెనక గోడ తగులుతుంది. నికాన్‌లో 35ఎంఎం ఎఫ్/1.8జి డిఎక్స్ మేలు. దాని చూపు మన కంటికి దగ్గరగా ఉంటుంది, గది లోపలా బయటా పనిచేస్తుంది. ఒక్క లెన్సే కొనగలిగితే అదే.

కోరింగలో పక్షులు తీయాలనుకునేవాళ్లు కానన్ 55-250 ఐఎస్ ఎస్‌టీఎం కోసం ఆగండి. చూపులో 400ఎంఎం అవుతుంది. కదిలే పడవలోంచి తీసేటప్పుడు షట్టర్ 1000వ వంతుకి తగ్గనివ్వకండి. మడచెట్ల నీడలో ఎఫ్/5.6కి ఐఎస్ఓ పెరిగిపోతుంది, పెరగనివ్వండి. గరుకు ఫొటో బాగుచేసుకోవచ్చు, చెదిరినది బాగుపడదు. రెండు లెన్సుల కాంబో అని షాపులో 75-300 అంటగడితే మాత్రం వద్దనండి. స్టెబిలైజర్ లేదు, 300 దగ్గర మెత్తబడిపోతుంది.

డెల్టాలో కెమెరాని పాడుచేసే ముఖ్య శత్రువు తేమ. వానాకాలమంతా, ఆ మాటకొస్తే సముద్రం దగ్గరి ఊళ్లలో ఏడాదంతా, గాలిలో తేమ ఎక్కువే. సుమారు 60, 70 శాతం దాటిన గాలిలో, చీకట్లో, మూసిన బ్యాగులో రోజుల తరబడి ఉన్న లెన్సు గాజు మీద ఫంగస్ పాకుతుంది. మొదట సన్నని దారాల్లా ఉంటుంది, తర్వాత పూత మీద మచ్చలు పడతాయి. తుడిచినా ఆ మచ్చలు కొన్నిసార్లు పోవు. సెకండ్‌హ్యాండ్ లెన్సు చూసేటప్పుడు ఫోను టార్చి వెనకవైపు నుంచి ఏటవాలుగా వేసి, ముందునుంచి చూడండి. తర్వాత అటుదిటు మార్చి చూడండి. కానన్ లెన్సు విప్పినప్పుడు అపెర్చర్ తెరిచే ఉంటుంది. నికాన్‌లో వెనకున్న చిన్న మీటని వేలితో జరిపి తెరవాలి. ఒకటి రెండు ధూళి కణాలు పర్వాలేదు. సాలెగూడులా కొమ్మలు వేసిన గీతలుంటే ఎంత చవకైనా వదిలేయండి. లోపలి గాజు పొగమంచు పట్టినట్టు తెల్లగా ఉన్నా అంతే.

కొన్నాక నిల్వ చేసే పద్ధతి ఖరీదైనది కాదు. రబ్బరు అంచుతో గాలి చొరకుండా బిగిసే పెద్ద ప్లాస్టిక్ డబ్బా, 200 గ్రాముల సిలికా జెల్, తేమ చూపించే చిన్న మీటరు. లోపల 40 నుంచి 50 శాతం ఉండాలి. 30 కన్నా దిగితే రబ్బరు, లోపలి గ్రీజు ఎండిపోతాయి కాబట్టి జెల్ కొంచెం తీసేయండి. జెల్ రంగు మారినప్పుడు 110, 120 డిగ్రీల వేడిలో గంట, రెండు గంటలు ఆరబెడితే మళ్లీ పనిచేస్తుంది. నీలం రంగు గింజల్లో కోబాల్ట్ ఉంటుంది, అది విషం. వంట మూకుడులో వేయించకండి. నారింజ రంగు గింజలు కొనండి. అన్నిటికన్నా మంచి మందు వారానికోసారైనా కెమెరా బయటికి తీసి వాడటం. బ్యాగు మోసుకెళ్లడానికే, దాచడానికి కాదు.

ఏసీ గదిలోంచి వానగాలిలోకి నేరుగా తెస్తే లెన్సు మీద నీటి ఆవిరి పట్టేస్తుంది. జిప్పు కవరులో మూసి అరగంట బయట ఉంచి తర్వాత తీయండి. ఈలోగా లెన్సు మార్చకండి. అంతర్వేదిలోనో ఓడలరేవులోనో సముద్రం ఒడ్డున తీసి వచ్చాక మంచినీళ్లలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో బాడీ తుడిచి, ఆరనిచ్చాకే డబ్బాలో పెట్టండి. ఉప్పు ముందుగా తినేది లెన్సు వెనకున్న బంగారు రంగు కాంటాక్టుల్ని. పాత కెమెరా కొనేటప్పుడు అక్కడ, బ్యాటరీ గదిలో పచ్చటి పొడి కనిపిస్తే అది ఉప్పుగాలి తిన్నదే.

బాడీ పరీక్షకి అరగంట అడగండి. "ఎన్ని క్లిక్కులు తిరిగిందండీ?" అంటే వచ్చే జవాబుని అలాగే నమ్మకండి. నికాన్ అయితే ఒక జేపెగ్ తీసి, ఫొటోలో కెమెరా రాసిన సమాచారమంతా చూపే సాఫ్ట్‌వేరులో తెరిస్తే షట్టర్ కౌంట్ (ఎన్ని క్లిక్కులో లెక్క) కనిపిస్తుంది. కానన్ ఫొటోలో అది రాయదు. కెమెరాని యూఎస్‌బీతో ల్యాప్‌టాప్‌కి కలిపి చూసే ప్రోగ్రాములున్నాయి, ఒకటి ముందే వేసుకుని వెళ్లండి. ఈ తరగతి షట్టర్లు లక్ష క్లిక్కుల దాకా వస్తాయనుకోవచ్చు. 30 వేల లోపైతే మంచిది, 60 వేలు దాటితే ధర బాగా తగ్గాలి.

తర్వాత అపెర్చర్ ఎఫ్/16 పెట్టి, ఫోకస్ చెదరగొట్టి, తెల్లగోడ తీయండి. నల్లచుక్కలు కనిపిస్తే సెన్సర్ మీద బ్లోయర్‌తో (నొక్కితే గాలి ఊదే రబ్బరు బుడ్డి) గాలి కొట్టి మళ్లీ తీయండి. పోతే దుమ్ము, పోకపోతే నూనె లేదా గీత. లెన్సు మూతపెట్టి పది సెకన్ల ఫొటో తీస్తే చెడిపోయి చీకట్లోనూ వెలిగే పిక్సెళ్లు బయటపడతాయి. కానన్ కిట్ లెన్సుని 18 దగ్గరా 55 దగ్గరా ఎఫ్/8లో పదేసి ఫొటోలు తీయించండి. పూర్తిగా తెరిచినప్పుడు బాగుండి, ఎఫ్/8కి ఎర్రర్ 01 వస్తే, లోపల అపెర్చర్‌కి వెళ్లే సన్నని పట్టీ తెగుతోందని అర్థం. ఫోకస్ కోసం న్యూస్‌పేపరుని ఏటవాలుగా పెట్టి మధ్యలో ఒక అక్షరం మీద పట్టండి. ముందు వరుసో వెనక వరుసో స్పష్టంగా వస్తే వదిలేయండి. ఈ బాడీల్లో దాన్ని సరిచేసుకునే సెట్టింగు లేదు.

ముప్పై వేలలో బాడీకీ కిట్ లెన్సుకీ కలిపి 18 వేలు దాటనివ్వకండి. ఆరేడు వేలు ఎఫ్/1.8 లెన్సుకి. మిగిలిన దాంట్లో 32 జీబీ కార్డులు రెండు, ఇంకో బ్యాటరీ, బ్లోయర్, డబ్బా, జెల్. ఒక 64 కన్నా రెండు 32లు మంచివి. ఒకటి చెడితే సగమే పోతుంది. ట్రైపాడ్‌ని తర్వాతకి వాయిదా వేయండి. ఉచితంగా ఇచ్చే తేలిక ప్లాస్టిక్ స్టాండు మీద డీఎస్‌ఎల్‌ఆర్ గాలికే ఊగుతుంది.

కొత్తదే కావాలని ఇంట్లో పట్టుబడితే 1500డి కన్నా 200డి రెండో వెర్షన్‌కి ఇంకొన్నాళ్లు డబ్బు కూడబెట్టండి. అప్పుడు కూడా బాడీ కింద ఉన్న సీరియల్ నంబరు జీఎస్టీ బిల్లు మీద రాయించుకోండి, వారంటీ కార్డు భారతదేశానిదో కాదో చూడండి. ఫ్లాష్ పెట్టే చోట మధ్యలో పిన్ను ఉందో లేదో కూడా చూడండి. కానన్ కొన్ని చిన్న మోడళ్లలో దాన్ని తీసేసింది. అది లేకపోతే చవకరకం ఒంటిపిన్ను ఫ్లాష్‌లు, ట్రిగ్గర్లు వెలగవు.