గ్రౌండ్ లిఫ్ట్ బటన్ కోసమే ఈ బాస్ హెడ్ ఉంచుకున్నాను

500 వాట్ల క్లాస్ డి (తేలికపాటి రకం) బాస్ హెడ్, అంటే స్పీకర్ లేని బాస్ గిటార్ ఆంప్లిఫయర్, దానికి పది అంగుళాల స్పీకర్లు రెండున్న 8 ఓమ్‌ల క్యాబినెట్. ఏళ్లుగా చర్చి ఆరాధనల్లో, బహిరంగ సభల్లో, ఫంక్షన్ హాళ్లలో ఆర్కెస్ట్రాతో వాడుతున్నది ఇదే. ఎన్ని వాట్లు, ఎన్ని ఈక్యూ నాబ్‌లు అన్నది షాపు పేజీలోనే దొరుకుతుంది కాబట్టి ఆ జోలికి పెద్దగా పోను. కంపెనీ పేరు కూడా రాయడం లేదు. చెప్పబోయేది ఈ తరహా హెడ్‌లు చాలావాటికి వర్తిస్తుంది. నాకు దీని మీద ఇంత ఇష్టం కలిగించింది వెనక పలక మీద డీఐ సాకెట్ (బాస్ సిగ్నల్‌ను నేరుగా మిక్సర్‌కు పంపేది) పక్కనున్న చిన్న బటన్, గ్రౌండ్ లిఫ్ట్.

మన దగ్గర పెద్ద సభల్లో జనానికి బాస్ వినపడేది మైక్ సెట్ బాక్సుల్లోంచే. స్టేజీ మీది క్యాబినెట్ వాయించేవాళ్లకు, డ్రమ్మర్‌కు వినపడితే చాలు. అంటే హెడ్‌లోంచి మిక్సర్‌కు వెళ్లే ఆ ఒక్క ఎక్స్‌ఎల్ఆర్ (మూడు పిన్నుల మైక్ కేబుల్) లైన్ శుభ్రంగా ఉండాలి. ఉండదు. స్టేజీకి ఒక చోటి నుంచి కరెంటు, దూరంగా ఉన్న మిక్సర్‌కు ఇంకో చోటి నుంచి. రెండు చోట్లా ఎర్త్ ఉంటే, ఆ రెండిటినీ మన డీఐ కేబుల్ జాలీ (లోపలి తీగల చుట్టూ ఉండే లోహపు అల్లిక) కలిపేసి ఒక చుట్టు ఏర్పడుతుంది. రెండు ఎర్త్‌ల మధ్య కొద్దిపాటి వోల్టేజీ తేడా ఉన్నా ఆ చుట్టులో కరెంటు తిరిగి, బాక్సుల్లో గుయ్‌మని మోత మొదలవుతుంది. గ్రౌండ్ లిఫ్ట్ నొక్కితే హెడ్ వైపు ఒకటో పిన్ను, అంటే జాలీ, ఛాసిస్ (హెడ్ లోహపు పెట్టె) నుంచి విడిపోతుంది. పాట మోసుకెళ్లే రెండు, మూడు పిన్నులు అలాగే ఉంటాయి. హెడ్ పవర్ కేబుల్‌లోని ఎర్త్ కూడా చెక్కుచెదరదు. మోత పోతుంది, ప్రమాదం ఉండదు.

ఈ మోత బాస్ వాళ్లకు మరీ ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్. బాస్‌లోని E తీగ మీద మూడో ఫ్రెట్‌లోని జీ (G) స్వరం 49 హెర్ట్జ్. ఖాళీ జీ తీగ 98 హెర్ట్జ్, మోతలోని రెండో పొర 100. జీ స్కేల్‌లో నెమ్మది పాటలో జీ పట్టి ఆపితే, మోత దానితో కలిసి సెకనుకు ఒకటి రెండు సార్లు అలలా ఊగుతుంది. ట్యూనింగ్ పోయిందనుకుని తీగలు తిప్పడం మొదలుపెడతారు చాలామంది. ముందు తీగల మీద అరచెయ్యి వేసి, ఏమీ వాయించకుండా బాక్సులు వినండి.

ఈ బటన్ విలువ పూర్తిగా తెలిసింది అది ఉల్టాగా పనిచేసిన ఒక సభలో. స్టేజీ మీది ప్లగ్ బోర్డుకు పక్క భవనం నుంచి కరెంటు తెచ్చారు, మిక్సర్ జనరేటర్ మీద ఉంది. లైన్ పెట్టగానే మోత. బటన్ నొక్కితే తగ్గాల్సింది, అమాంతం పెరిగింది. బాస్ తీగల మీద చెయ్యి పెడితే జిల్లుమంది. ఆ చేత్తోనే మైక్ దగ్గరికి వంగితే పెదవికి చురుక్కుమంది. బటన్ వెనక్కి వదిలేస్తే మళ్లీ మామూలు మోత, తీగల్లో జిల్లు లేదు.

కారణం ప్లగ్ బోర్డు విప్పితే దొరికింది. సాకెట్‌కు మూడు రంధ్రాలున్నాయి, వెనక వచ్చిన వైరుకు మాత్రం రెండే తీగలు. ఎర్త్ లేదు. అప్పటివరకూ హెడ్‌కు ఎర్త్‌లా పనిచేసింది డీఐ కేబుల్ జాలీయే. హెడ్‌లోంచి కారే కొద్దిపాటి కరెంటంతా ఆ సన్నటి జాలీ గుండా మిక్సర్‌కు పోతోంది. మొదటి మోత దానిదే. బటన్ నొక్కగానే ఆ దారి కూడా తెగి, ఛాసిస్, దానితో పాటు గిటార్ తీగలు గాల్లో తేలాయి.

క్లాస్ డి హెడ్‌ల తేలిక బరువును అందరిలాగే నేనూ మెచ్చుకుంటూ వచ్చాను. 1969లో వచ్చిన ఆంపెగ్ ఎస్‌వీటీ 300 వాట్ల వాల్వ్ హెడ్‌ను ఇద్దరు మొయ్యాలి, దీన్ని సంచిలో వేసుకుని బస్సెక్కవచ్చు. కానీ ఈ తేలికకు కారణం లోపలున్న స్విచింగ్ పవర్ సప్లై. దాని ముందు ఫేజ్ నుంచి ఛాసిస్‌కు ఒకటి, న్యూట్రల్ నుంచి ఛాసిస్‌కు ఒకటి చిన్న కెపాసిటర్లు ఉంటాయి, రేడియో రొదను ఎర్త్‌కు పంపడానికి. ఎర్త్ లేకపోతే ఆ రెండూ కలిసి ఛాసిస్‌ను మెయిన్స్‌లో సగానికి, 115 వోల్టుల దాకా లేపుతాయి. కరెంటు చాలా తక్కువే, జిల్లుమంటుంది తప్ప దానంతట అది ప్రాణం తీయదు. అయినా ఎర్త్ లేదని చెప్పే హెచ్చరిక అది. లోపల నిజంగా ఇన్సులేషన్ పోయిన రోజు అదే ఛాసిస్ మీదికి పూర్తి 230 వోల్టులు వస్తాయి. డీఐ జాలీ ఆ కరెంటు మోయలేదు.

ఆ రోజు మోతను ఆపింది బటన్ కాదు. మిక్సర్ పెట్టిన బోర్డు నుంచే 1.5 చదరపు మిల్లీమీటర్ల మూడు తీగల వైరుతో ఎక్స్‌టెన్షన్ లాగి, హెడ్‌ను, పెడల్ అడాప్టర్‌ను దాని మీద పెట్టాం. రెండూ ఒకే కరెంటు మీదికి, ఒకే ఎర్త్ మీదికి వచ్చాయి. జనరేటర్ బాడీకి నేలలో రాడ్ కొట్టి ఉందో లేదో కూడా చూసి నిర్ధారించుకోవాలి. బటన్ నొక్కాల్సిన అవసరమే రాలేదు.

అప్పటి నుంచి ఈ బటన్‌ను పరీక్ష పరికరంలా కూడా వాడుతున్నాను. వాల్యూమ్ తగ్గించి నొక్కి చూడండి. మోత పోతే కారణం రెండు ఎర్త్‌లు కలిసి ఏర్పడిన చుట్టు, బటన్‌ను నొక్కే ఉంచవచ్చు. మోత పెరిగినా, తీగలు జిల్లుమన్నా హెడ్‌కు ఎర్త్ లేదు, ప్లగ్ పీకి బోర్డు చూపించండి. ఏమీ మారకపోతే తప్పు ఇంకో చోట ఉంది. గిటార్ వాల్యూమ్ సున్నా చేస్తే మోత ఆగిందా, అయితే అది పికప్‌దో, గిటార్ లోపలి వైరింగ్‌దో. రెండు పికప్‌లుండే జాజ్ బాస్ రకం గిటార్‌లో ఒక్క పికప్ మాత్రమే తెరిస్తే మోత వస్తుంది, రెండూ సమానంగా తెరిస్తే తగ్గుతుంది. గిటార్ సున్నాలో ఉన్నా ఆగకపోతే గిటార్ కేబుల్, పెడల్ అడాప్టర్ ఒక్కొక్కటే పీకి చూడాలి.

ప్లగ్ పెట్టకముందే సాకెట్ చూసుకోవడం ఇంకా మంచిది. స్క్రూడ్రైవర్ టెస్టర్ ఫేజ్ ఉందో లేదో మాత్రమే చెబుతుంది, దాని మాట మీద ఎర్త్‌ను నమ్మకండి. మల్టీమీటర్‌ను ఏసీ 600 లేదా 750 వోల్టులకు పెట్టి ఫేజ్-న్యూట్రల్ కొలిస్తే 230 దరిదాపు, ఫేజ్-ఎర్త్ కూడా దాదాపు అంతే, న్యూట్రల్-ఎర్త్ రెండు మూడు వోల్టులు రావాలి. ఫేజ్-ఎర్త్ వందకు అటూ ఇటూ ఊగుతుంటే ఎర్త్ తీగ ఎక్కడా కలవలేదు. మీటర్ అలవాటు లేనివాళ్లు ఈ కొలత ఎలక్ట్రీషియన్‌తోనే చేయించాలి.

విదేశం నుంచి తెచ్చిన హెడ్‌లకు ఇంకో చిక్కుంది. యూరప్ ప్లగ్ గుండ్రటి పిన్నులు మన సాకెట్లో దూరిపోతాయి, హెడ్ వెలుగుతుంది. కానీ ఆ ప్లగ్ ఎర్త్ పక్కనుండే రేకుల్లో ఉంటుంది, మన సాకెట్లో అవి దేనికీ తగలవు. కన్వర్టర్ ప్లగ్‌లు చాలావాటిలోనూ ఇదే లోపం. చాలా హెడ్‌లకు వెనక ఉండేది డెస్క్‌టాప్ కంప్యూటర్ పవర్ సాకెట్టే. సికింద్రాబాద్ చినాయ్ ట్రేడ్ సెంటర్‌లోనే కాదు, ఏ ఊళ్లో కంప్యూటర్ షాపులో అయినా మన మూడు పిన్నుల కేబుల్ దొరుకుతుంది. అమెరికా నుంచి తెచ్చినదైతే ముందు వెనక పలక మీద 230 వోల్టులకు పనిచేస్తుందని రాసి ఉందో లేదో చూడండి.

మోత పోవడానికి ప్లగ్‌లోని లావుపాటి ఎర్త్ పిన్ను విరిచేసే అలవాటు ఇంకా చాలా చోట్ల ఉంది. మోత పోతుంది నిజమే. రెండు చేతులతో లోహపు తీగలు పట్టుకుని, మైక్‌కు నోరానించి పాడే మనిషికి ఉన్న ఏకైక రక్షణ కూడా దానితోనే పోతుంది. ఎవరు చెప్పినా చేయకండి, చేసినది కనిపిస్తే ఆ ప్లగ్ మార్పించేదాకా వాయించకండి.

డీఐని ఇంత పొగిడాను గానీ దాని మిగతా పనుల్లో కొన్ని పేచీలున్నాయి. పక్కనే ఉన్న ప్రీ/పోస్ట్ బటన్ (సిగ్నల్‌ను ఈక్యూకు ముందు తీయాలా, తర్వాత తీయాలా అని ఎంచుకునేది) మొదట్లో చాలా నచ్చింది. ప్రీలో పెడితే స్టేజీ మీద మనం ఈక్యూ ఎంత తిప్పినా బాక్సుల్లో మారదు, మిక్సర్ దగ్గరున్నవాళ్లకు హాయి. కానీ ఎఫెక్ట్స్ లూప్‌లోని (హెడ్ వెనక పెడళ్లు కలిపే సాకెట్లు) కంప్రెసర్ ప్రభావం కూడా ప్రీలో మిక్సర్‌కు పోదు. అందుకని పెడళ్లన్నీ హెడ్ ముందుకే మార్చాను. పోస్ట్‌లో సిగ్నల్ బలంగా వెళ్తుంది, మిక్సర్ మైక్ ఇన్‌పుట్ తట్టుకోలేక చిట్లుతుంది. మిక్సర్ ఛానల్ మీద 20 డీబీ ప్యాడ్ (సిగ్నల్ తగ్గించే బటన్) నొక్కమనండి, గెయిన్ పూర్తిగా తగ్గించి మొదలుపెట్టమనండి. ఆ ఛానల్‌కు 48 వోల్టుల ఫాంటమ్ (కండెన్సర్ మైక్‌ల కోసం మిక్సర్ కేబుల్ గుండా పంపే కరెంటు) ఆపించడం మరవద్దు. కొన్ని హెడ్‌ల డీఐ దాన్ని తట్టుకుంటుంది, కొన్నిటిలో చిటపటలు వస్తాయి, పాడైపోయేవీ ఉన్నాయి. చిన్న మిక్సర్లలో ఫాంటమ్ అన్ని ఛానళ్లకూ ఒకే బటన్ కాబట్టి కండెన్సర్ మైక్ ఉంటే ఆపనివ్వరు. అలాంటి చోట మధ్యలో లైన్ ట్రాన్స్‌ఫార్మర్ బాక్స్ పెట్టడం మంచిది.

శక్తి సంగతి క్లుప్తంగా. 500 వాట్లు 4 ఓమ్‌ల మీద. ఒక్క 8 ఓమ్‌ల క్యాబినెట్‌కు అందులో సగం కంటే కొంచెం ఎక్కువ వెళ్తుంది. ఇలాంటిదే ఇంకొకటి కలిపితే 4 ఓమ్‌లు, అక్కడితో ఆపాలి. క్యాబినెట్‌కు గిటార్ కేబుల్ పెడితే అది వేడెక్కుతుంది. స్పీకర్ల కోసమే చేసిన స్పీకాన్ కేబుల్‌నే వాడండి.

ఇంట్లో సాధనకే అయితే ఈ హెడ్ కొనక్కర్లేదు, హెడ్‌ఫోన్ సాకెట్ ఉన్న చిన్న కాంబో (ఆంప్లిఫయర్, స్పీకర్ ఒకే పెట్టెలో) చాలు. ఒకే చర్చిలో వాయించేవాళ్లు ఆ డబ్బులో కొంత పెట్టి స్టేజీకి, మిక్సర్‌కు ఒకే లైన్, ఒకే ఎర్త్ వేయించుకుంటే ఈ బటన్ అవసరం ఎప్పుడో తప్ప రాదు. వారానికో ఊరు, పూటకో మైక్ సెట్ అయితే మాత్రం నేను గ్రౌండ్ లిఫ్ట్ లేని హెడ్ కొనను. నాది నాలుగు తీగల పాసివ్ (బ్యాటరీ లేని) బాస్. ఇంకా కింది స్వరాల బీ (B) తీగ ఉన్న ఐదు తీగల బాస్ వాయించేవాళ్లకు ఆరుబయట ఒక్క క్యాబినెట్ సరిపోదేమో. కొనేముందు మాన్యువల్ దించుకుని బ్లాక్ డయాగ్రమ్ (లోపల సిగ్నల్ వెళ్లే దారి బొమ్మ) చూడండి. లిఫ్ట్ ఒకటో పిన్నును పూర్తిగా తెంపుతుందా, మ్యూట్ నొక్కితే డీఐ కూడా ఆగుతుందా అన్నవి అందులోనే ఉంటాయి. నా హెడ్‌లో మ్యూట్ స్పీకర్‌ను మాత్రమే ఆపుతుంది, ట్యూన్ చేస్తుంటే బాక్సుల్లో అంతా వినపడుతుంది. అందుకే ట్యూనర్ పెడల్ ముందే పెట్టుకున్నాను.