ఒక్క ఫైలును నమ్ముకుని ఎనిమిదేళ్లు: ఎస్‌క్యూలైట్ సమీక్ష

నేను ఒక్కడినే యాప్‌లు తయారుచేస్తాను. డిజైన్, కోడు, సర్వర్, వాడేవారి ఉత్తరాలకు జవాబులు, అన్నీ నా పనే. ఇప్పుడు నడుస్తున్న వాటిలో పెద్దది, చదివిన పుస్తకాల చిట్టా రాసుకునే యాప్. ఫోనులోనూ ఉంటుంది, వెబ్‌లోనూ ఉంటుంది. ఈ ఎనిమిదేళ్లలో ఫోను యాప్‌ను రెండుసార్లు మొదటి నుంచి తిరగరాశాను. వెబ్ వైపు ఫ్రేమ్‌వర్కును పూర్తిగా మార్చాను. అడుగున ఉన్న డేటాబేస్ మాత్రం మొదటి రోజు పెట్టినదే. ఎస్‌క్యూలైట్. దాన్ని ఇంతకాలం వాడినవాడిగా, నన్ను ఎక్కడ ఆదుకుందో, ఎక్కడ ఏమరుపాటున ఉన్నప్పుడు దెబ్బ కొట్టిందో రాస్తున్నాను.

దీనికి సర్వర్ లేదు. డేటాబేస్ అంటే డిస్కు మీద ఒక ఫైలు, దాన్ని చదివే లైబ్రరీ మన ప్రోగ్రాములోనే కలిసి ఉంటుంది. పోర్టులు, పాస్‌వర్డులు, అర్ధరాత్రి ఆగిపోయే వేరే ప్రక్రియలు ఉండవు. రిచర్డ్ హిప్ 2000లో దీన్ని రాయడం వెనక ఉన్న అవసరమే ఇది. అమెరికా నౌకాదళపు యుద్ధనౌకలో వాడే ఒక ప్రోగ్రాము మీద ఆయన పనిచేస్తున్నారు. డేటాబేస్ సర్వర్ అందుబాటులో లేకపోతే ఆ ప్రోగ్రాము కూడా ఆగిపోయేది. నిర్వాహకుడు అక్కర్లేని డేటాబేస్ కావాలనుకున్నారు. ఒంటరిగా పనిచేసేవాడి పరిస్థితీ అదే కదా, నిర్వాహకుణ్ణి పెట్టుకునే స్థోమత ఉండదు, తానే నిర్వాహకుడైతే మిగతా పని సాగదు.

దీని విలువ నాకు బాగా తెలిసింది ఒక తప్పును వెతుకుతున్నప్పుడు. ఒకామె తన చిట్టాలో ఎక్కువ పుటలున్న పుస్తకాలు ముందు రావాలని అడిగితే, ఎప్పుడూ ఒకే పుస్తకం మొదట వస్తోందని రాశారు. ఎంత ప్రయత్నించినా నా ఫోనులో అది కనిపించలేదు. ఆమె అనుమతితో డేటాబేస్ ఫైలు తెప్పించుకున్నాను. ఆమె ఫోనులో ఉన్నదంతా, ఉన్నది ఉన్నట్టుగా, ఒక్క ఫైలులో నా కంప్యూటర్ మీద తెరుచుకుంది. ఆ పుస్తకం ఎదుట పుటల గడిలో ‘1,250’ అని కామాతో సహా ఉంది. కాలమ్‌ను పూర్ణసంఖ్య అని ప్రకటించాను కానీ, ఎస్‌క్యూలైట్ ఆ మాటను ఆజ్ఞగా కాక సలహాగా తీసుకుంటుంది. సంఖ్యగా మార్చగలిగితే మారుస్తుంది, మార్చలేకపోతే పాఠ్యంగానే దాచుకుంటుంది. క్రమంలో పెట్టేటప్పుడు ఏ పాఠ్యమైనా ఏ సంఖ్యకన్నా పెద్దదే. అందుకే ఆ పుస్తకం ఎప్పుడూ తలమీదే కూర్చుంది.

కామాను వడకట్టకపోవడం నా లోపం. కానీ డేటాబేస్ ఆ గడిని తిరస్కరించి ఉంటే మొదటి రోజే తెలిసేది. 2021 నవంబరులో వచ్చిన 3.37 వెర్షన్‌తో ‘స్ట్రిక్ట్’ టేబుళ్లు వచ్చాయి, వాటిలో తప్పుడు రకం విలువ చేరదు. అప్పటినుంచి కొత్త టేబుల్ ఏది రాసినా ఆ పదం లేకుండా రాయలేదు.

ఎస్‌క్యూలైట్‌తో నాకు ఎదురైన ఇబ్బందుల్లో చాలావరకు ఈ తీరువే. మంచి సదుపాయం ఉంటుంది, కానీ మనం అడగకపోతే పనిచేయదు. టేబుళ్ల మధ్య సంబంధాలను కాపాడే ఫారిన్ కీ తనిఖీ మామూలుగా ఆపేసి ఉంటుంది, కనెక్షన్ తెరిచిన ప్రతిసారీ ‘ప్రాగ్మా’ అనే అమరిక ఆదేశంతో దాన్ని ఆన్ చేయాలి. ఈ సంగతి తెలియని రోజుల్లో, తొలగించిన పుస్తకాల తాలూకు గమనికలు వేలకొద్దీ అనాథలుగా మిగిలిపోయాయి. ఇలా ఎందుకంటే, పాత ప్రోగ్రాములు చెడకూడదన్నది దాన్ని తయారుచేసేవారి పట్టుదల. 2004లో వచ్చిన మూడో వెర్షన్ నాటి ఫైళ్లను నేటి లైబ్రరీ చదువుతుంది. 2050 వరకు చూసుకుంటామని మాట ఇచ్చారు. ఆ మాట నాకు ఎంతో ధైర్యమిస్తుంది, దానికి బదులుగా నాలుగు ప్రాగ్మాలు రాయమంటే సంతోషంగా రాస్తాను. అయితే కొత్తగా వచ్చేవారికి ఈ నాలుగూ మొదటి పుటలోనే కనిపించాలి, కనిపించవు.

ఇక బ్యాకప్. దీని గురించి కాస్త ఎక్కువే రాయాలి, ఎందుకంటే నష్టపోయింది నేను కాదు, నన్ను నమ్మినవారు.

వెబ్ యాప్ మొదలైన ఏడాదికి సర్వర్ డిస్కు పాడైంది. ప్రతి రాత్రి డేటాబేస్ ఫైలును వేరే చోటికి కాపీ చేసే స్క్రిప్టు ఉంది కాబట్టి కంగారు పడలేదు. కాపీ తెచ్చి పెట్టాను, యాప్ లేచింది. గంటలోపే ఉత్తరాలు మొదలయ్యాయి. ఆ రోజు రాసుకున్నవి పోవడం అర్థం చేసుకోగలను, కానీ రెండు రోజుల కిందటివి కూడా లేవు. బ్యాకప్ సరిగ్గానే జరిగినట్టు స్క్రిప్టు రాసిపెట్టే నివేదికలో ఉంది. ఫైలు పరిమాణం కూడా సబబుగానే ఉంది.

కారణం ‘వాల్’ పద్ధతి. 2010లో 3.7తో వచ్చిన ఈ పద్ధతిలో కొత్త రాతలు ముందు పక్కనే ఉండే మరో ఫైలులోకి వెళ్తాయి, ఆ ఫైలు మామూలుగా వెయ్యి పేజీలకు (పేజీ అంటే డేటాబేస్ ఫైలులో ఒక ముక్క) చేరినప్పుడు అసలు ఫైలులో కలుస్తాయి. చిన్న యాప్‌లో వెయ్యి పేజీలు నిండటానికి రోజులు పట్టవచ్చు. నా స్క్రిప్టు అసలు ఫైలునే కాపీ చేసింది, పక్క ఫైలును వదిలేసింది. పోనీ రెండింటినీ కాపీ చేస్తే సరిపోతుందా అంటే, నడుస్తున్న డేటాబేస్‌ను అలా కాపీ చేస్తే మధ్యలో ఎవరైనా రాస్తున్నప్పుడు చెడిపోయిన నకలు రావచ్చు. సరైన దారులు రెండు: దానితోనే వచ్చే బ్యాకప్ ఆదేశం, లేదా 3.27 నుంచి ఉన్న ‘వాక్యూమ్ ఇన్‌టు’. నేను రెండోది వాడుతున్నాను. దాంతోపాటు ప్రతి ఉదయం ఆ నకలును మరో యంత్రంలో తెరిచి, చివరి పద్దు ఏ గంటకు రాసినదో నాకు పంపే చిన్న ప్రోగ్రాము పెట్టాను. పొద్దున్నే మొదట చూసేది ఆ ఒక్క వరుసనే. పోయిన రెండు రోజుల పద్దులను తిరిగి ఇవ్వలేకపోయాను, ఒక్కొక్కరికీ విడిగా ఉత్తరం రాశాను.

ఒకేసారి ఒకరే రాయగలరు అన్న పరిమితి గురించి అందరూ భయపెడతారు. వాల్ పద్ధతిలో చదివేవారు రాసేవారిని ఆపరు, రాసేవారు చదివేవారిని ఆపరు, రాయడం మాత్రం వంతుల వారీగా జరుగుతుంది. నా యాప్‌లో ఒక్కో రాత మిల్లీసెకన్లలో ముగుస్తుంది కాబట్టి ఆ వరుస ఎవరికీ తెలియదు. అయినా ‘డేటాబేస్‌కు తాళం పడింది’ అన్న దోషం చాలాకాలం అప్పుడప్పుడు కనిపించేది. ఆగి చూడమని ఐదు సెకన్ల గడువు ఇచ్చాను, తగ్గింది కానీ పోలేదు. చివరికి తేలింది ఏమిటంటే, చదవడంతో మొదలుపెట్టి మధ్యలో రాతకు దిగే లావాదేవీ (ఒకే కట్టగా జరిగే పనులు) ఉంటే, ఈలోగా మరొకరు రాసేస్తే, ఆ గడువుతో పని లేకుండా అక్కడికక్కడే దోషం వస్తుంది. పాత దృశ్యాన్ని చూసి కొత్తదాని మీద రాయనివ్వదు, అది న్యాయమే. రాయబోతున్నానని తెలిసిన ప్రతి లావాదేవీనీ, రాసే వంతును ముందే పట్టుకునే ‘బిగిన్ ఇమీడియట్’తో మొదలుపెట్టాను. ఆ తర్వాత ఆ దోషం మళ్లీ చూడలేదు.

తెలుగులో యాప్‌లు చేసేవారు ఇక్కడ ఆగి చదవండి. వెతుకులాటకు ఎస్‌క్యూలైట్‌లో ఎఫ్‌టీఎస్5 అనే భాగం ఉంది, వేగం నిజంగా అబ్బురపరుస్తుంది. పుస్తకాల పేర్లన్నీ అందులో వేసి ‘మాట’ అని వెతికాను. మాట వచ్చింది. దాంతోపాటు మూట వచ్చింది, మేటి వచ్చింది, మోటు కూడా వచ్చింది. మొదట నా కీబోర్డు తప్పనుకున్నాను.

సంగతి ఏమిటంటే, పాఠ్యాన్ని పదాలుగా విడగొట్టే భాగం అక్షరాలను, అంకెలను మాత్రమే పదంలో భాగంగా లెక్కపెడుతుంది, మిగిలినవన్నీ ఖాళీ జాగాతో సమానం. యూనికోడ్ లెక్కలో మన గుణింతపు గుర్తులు అక్షరాలు కావు, అక్షరానికి అంటుకునే చిహ్నాలు. దీర్ఘం, కొమ్ము, ఏత్వం, ఓత్వం అన్నీ గోడలయ్యాయి. ‘మాట’ కాస్తా ‘మ’, ‘ట’ అనే రెండు ముక్కలైంది. మూట కూడా అంతే, మేటి కూడా అంతే. పొల్లు కూడా ఆ కోవలోదే కాబట్టి ఒత్తులున్న ప్రతి పదమూ ముక్కలవుతుంది. మన లిపిలో సగం అర్థం మోసే గుర్తులు పదం అంచులుగా మారిపోయాయని తెలిసినప్పుడు నాకు కోపం, దిగులు కలిసి వచ్చాయి. ఎన్ని తెలుగు యాప్‌లలో ఇలా తప్పుడు ఫలితాలు వస్తుంటే, తెలుగులో వెతకడం ఇంతేలే అని జనం సర్దుకుపోయి ఉంటారో.

పరిష్కారం మాత్రం ఒక్క వరుస. వెతకడానికి వాడే పదాల పట్టికను, అంటే ఇండెక్స్‌ను, తయారుచేసేటప్పుడు ‘కేటగిరీస్’ అనే ఎంపికలో మామూలుగా ఉండే రకాలకు ‘ఎమ్ఎన్’, ‘ఎమ్‌సీ’ అనే రెండు చిహ్నాల రకాలను కలపాలి. పాత ఇండెక్స్‌ను తీసేసి మళ్లీ కట్టాలి. దీనికి తోడు, కీబోర్డులు పొల్లు తర్వాత పెట్టే కనిపించని విడదీత గుర్తు ఒకటి ఉంది. కొందరు టైపు చేసినప్పుడు అది చేరుతుంది, కొందరికి చేరదు. ఇండెక్స్‌లో వేసేముందూ వెతికేముందూ దాన్ని తొలగిస్తున్నాను. విభక్తులు, బహువచనాల సంగతి దీనికి తెలియదు, ‘పుస్తకం’ అని వెతికితే ‘పుస్తకాలు’ రాదు. ‘పుస్తక’ దగ్గర ఆపి నక్షత్రం పెడితే రెండూ వస్తాయి. వాడేవారు నక్షత్రం గురించి తెలుసుకోనక్కరలేదు, చివరి సున్నాను తీసి నక్షత్రం తగిలించే పని నా కోడు చేస్తుంది.

ఫోనులో మరో చిక్కు ఉంది. ఆండ్రాయిడ్‌లో ఎస్‌క్యూలైట్ ముందే ఉంటుంది, కానీ ఏ వెర్షన్ అన్నది ఫోనును బట్టి ఉంటుంది. ఉంటే మార్చు, లేకపోతే చేర్చు అనే ‘అప్‌సర్ట్’ 3.24లో వచ్చింది. ఆండ్రాయిడ్ 11లో 3.28 ఉంది కాబట్టి నా ఫోనులో చక్కగా నడిచింది. ఆండ్రాయిడ్ 10లో ఉన్నది 3.22. విడుదల చేసిన రోజే పాత ఫోన్లలో యాప్ తెరవగానే మూసుకుపోయింది. ఇప్పుడు నా సొంత ఎస్‌క్యూలైట్‌ను యాప్‌తోపాటే పంపుతున్నాను. యాప్ పరిమాణం ఒక మెగాబైటు అటూ ఇటూగా పెరుగుతుంది, దానికి దొరికే నిశ్చింత చాలా ఎక్కువ. అన్ని ఫోన్లలో, సర్వర్‌లో, నా కంప్యూటర్‌లో ఒకే వెర్షన్.

టేబుళ్ల రూపం మార్చడం గురించి క్లుప్తంగా. ఫైలులోనే ఒక సంఖ్య దాచుకునే చోటు ఉంది, దాన్ని చూసి ఎన్నో మార్పు దాకా వచ్చిందో తెలుసుకుంటాను. మూడో మార్పు దగ్గర ఆగిన ఫోను ఏళ్ల తర్వాత ఒక్కసారిగా పదకొండుకు దూకుతుంది, అలాంటివారు నిజంగా ఉంటారు. అందుకే ప్రతి విడుదల నాటి డేటాబేస్ ఫైలు ఒకటి ఒక ఫోల్డరులో దాచాను. కొత్త విడుదలకు ముందు వాటన్నింటినీ వరుసగా తాజా రూపానికి తెచ్చి చూస్తాను. ఇదీ ఒక్క ఫైలు కావడం వల్ల వచ్చిన సుఖమే.

ఫోనుకూ వెబ్‌కూ మధ్య సమాచారం కలపడంలో మాత్రం ఇది ఏ సాయమూ చేయదు. అంతా నేనే రాసుకోవాల్సి వచ్చింది, నా సమయాన్ని అన్నిటికన్నా ఎక్కువ తిన్నది అదే. వరుసలకు క్రమసంఖ్యలు మానేసి, ఎక్కడ పుట్టినా ఢీకొనని పొడవాటి గుర్తింపులు ఇచ్చాను. తొలగించినదాన్ని నిజంగా తొలగించకుండా ‘పోయింది’ అని గుర్తు పెడతాను, లేకపోతే ఒక ఫోనులో తీసేసిన పుస్తకం రెండో ఫోను నుంచి మళ్లీ పుట్టుకొస్తుంది. ఈ పని తేలికని ఎవరైనా చెబితే నమ్మకండి.

రెండు మూడు సర్వర్ల మీద నడవాల్సిన యాప్‌కు ఇది తగదు, నెట్‌వర్కు డిస్కు మీద ఫైలు పెట్టి వాల్ పద్ధతి వాడకూడదు. నా యాప్‌లలో ఒకటి అలా పెరిగింది. ఎన్నో చోట్ల నుంచి ఎడతెగకుండా రాతలు వచ్చేవి. దాన్ని సర్వర్‌గా నడిచే పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌కు మార్చాను, రెండు వారాలు పట్టింది. పుస్తకాల చిట్టా మాత్రం అదే ఫైలు మీద ఉంది. ఈ ఉదయం వచ్చిన వరుస ప్రకారం చివరి పద్దు తెల్లవారుజామున 1.52కు పడింది, నకలు తీసింది 2 గంటలకు.