పై స్లాట్‌లో కనబడని ఎస్ఎస్‌డీ: బీ560 బోర్డుతో నా నాలుగేళ్లు

విజయనగరం గంటస్తంభం దగ్గర పెళ్లి వీడియోల ఎడిటింగ్ చేస్తుంటాను. 2021 చివర్లో వైజాగ్ వెళ్లి బీ560 చిప్‌సెట్ (బోర్డు మీద మిగతా భాగాల్ని ప్రాసెసర్‌కి కలిపే చిప్పు) మదర్‌బోర్డు, 10వ తరం ఐ5-10400 ప్రాసెసర్ తెచ్చుకున్నాను. 11వ తరం ప్రాసెసర్ కొనడానికి అప్పట్లో చేతిలో డబ్బు చాల్లేదు. బోర్డు రెండు తరాలకూ పనికొస్తుంది కదా, తర్వాత మార్చుకుందాంలే అనుకున్నాను. ఈ నాలుగేళ్లూ రోజుకి పది పన్నెండు గంటలు నడిచింది. ముహూర్తాల రోజుల్లో రాత్రి రెండరింగ్‌కి పెట్టేసి ఇంటికి వెళ్లిపోతాను, తెల్లారేసరికి ఫైలు సిద్ధంగా ఉంటుంది. బోర్డు మంచిదే, ఆ మాట ముందే చెప్తున్నాను. ఒక్క విషయంలో మాత్రం నన్ను వారం రోజులు తిప్పలు పెట్టింది.

రెండేళ్ల కిందట, పైడితల్లమ్మ సిరిమాను దగ్గరపడుతున్న రోజులవి. ఫుటేజీకి చోటు చాలక 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ (నేరుగా బోర్డు మీద గుచ్చే, ఫైళ్లు దాచుకునే వేగమైన డ్రైవు) కొన్నాను. బోర్డు డబ్బా మీద రెండు ఎం.2 స్లాట్లని (ఇలాంటి డ్రైవు గుచ్చే చోట్లు) పెద్ద అక్షరాలతో వేశారు. ప్రాసెసర్ పక్కన, హీట్‌సింక్ మూత ఉన్న పై స్లాట్ మంచిదనిపించి అందులో పెట్టాను. ఏటవాలుగా దూర్చి, కిందికి వంచి, చివర స్క్రూ బిగించి ఆన్ చేస్తే బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే బోర్డు సెట్టింగుల తెరలో) ఆ స్లాట్ ఎదురుగా ఖాళీ అని వచ్చింది.

తీసి మళ్లీ పెట్టాను. బంగారు రంగు కాంటాక్టుల్ని పొడి గుడ్డతో మెల్లగా తుడిచాను. బయోస్ సెట్టింగులు మొదటికి రావాలని బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ తీసి పది నిమిషాలు ఆగి మళ్లీ వేశాను. బయోస్ కొత్త వెర్షన్ ఎక్కించాను. అయినా ఖాళీయే. ఎస్ఎస్‌డీనే పాడైందేమోనని ఊళ్లో రిపేరు కుర్రాడి దగ్గరికి తీసుకెళ్తే, యూఎస్‌బీ కేసులో పెట్టి చూశాడు. చక్కగా పనిచేసింది. (ఇలా చూసేటప్పుడు ఆ కేసు ఎన్‌వీఎంఈకి పనికొచ్చేదై ఉండాలి. పాత రకం సాటా డ్రైవుల కేసులో పెడితే మంచి డ్రైవు కూడా కనబడదు.)

"ఎస్ఎస్‌డీ బాగానే ఉంది సార్. బోర్డు మీద స్లాట్ పోయినట్టుంది. బోర్డు మార్చీడమే" అన్నాడు.

చేతిలో ఐదు పెళ్లిళ్ల ఫుటేజీ. కొత్త బోర్డంటే మళ్లీ అన్ని వేలు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు ఇంజినీరింగ్ చదువుతున్న మా మేనల్లుడు పండక్కి వచ్చాడు. బోర్డు మాన్యువల్ ఫోన్‌లో దించుకుని, స్లాట్ల పేజీ వేళ్లతో పెద్దది చేసుకుంటూ చదివాడు. "మావయ్యా, నీది ఎన్నో తరం ప్రాసెసర్?" అనడిగాడు. పదోదన్నాను. ఫోన్ నా చేతికిచ్చాడు. పై స్లాట్ పేరు పక్కన చిన్న చుక్క గుర్తు, పేజీ అడుగున చీమంత అక్షరాలు: ఈ స్లాట్ 11వ తరం ప్రాసెసర్‌తోనే పనిచేస్తుందని.

కారణం తర్వాత అర్థమైంది. ఆ పై స్లాట్ నేరుగా ప్రాసెసర్‌కి కలిసి ఉంటుంది. 10వ తరం ప్రాసెసర్‌లో పీసీఐఈ లేన్లు (కార్డులకీ డ్రైవులకీ డేటా నడిచే దారులు) 16, అవన్నీ గ్రాఫిక్స్ కార్డుకే సరిపోతాయి. 11వ తరంలో 20 ఉంటాయి, ఎక్కువగా వచ్చిన ఆ నాలుగూ ఈ స్లాట్‌కి వెళ్తాయి. నా ప్రాసెసర్‌లో ఆ నాలుగు లేన్లే లేవు. బయోస్ ఎన్నిసార్లు మార్చినా ఏం లాభం? కింది స్లాట్‌కి దారి చిప్‌సెట్ నుంచి వస్తుంది కాబట్టి దానికి ఈ బాధ లేదు. స్క్రూ విప్పి కింద పెట్టిన మరుక్షణం బయోస్‌లో పేరు కనబడింది.

విండోస్‌లో మాత్రం డ్రైవు కనబడక మళ్లీ గుండె ఝల్లుమంది. అది చిన్న పనే. విండోస్‌లోనే ఉండే డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి, కొత్త డ్రైవుని జీపీటీ అనే పద్ధతిలో ఇనిషియలైజ్ చేసి (వాడకానికి సిద్ధం చేసి) ఫార్మాట్ కొడితే వచ్చేసింది. బయోస్‌లో కనబడి విండోస్‌లో కనబడకపోతే బోర్డును అనుమానించక్కర్లేదు.

పోయినేడాది ఐ5-11400 వేశాను. పై స్లాట్ అదే రోజు ప్రాణం పోసుకుంది. వేగంలో తేడా మాత్రం లేదు. నా ఎస్ఎస్‌డీ పీసీఐఈ 3.0ది, సెకనుకి 3,500 ఎంబీ దాకా కింది స్లాట్‌లోనే ఇస్తోంది. ఇంకా వేగమైన పీసీఐఈ 4.0 డ్రైవు కొనేవాళ్లకే పై స్లాట్‌తో పని. ఆ స్లాట్ ఒక్కదాని కోసం ప్రాసెసర్ మార్చొద్దంటాను.

బోర్డుకి 5లో 4 ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్కటీ డబ్బా మీద ఆ షరతు రాయనందుకు. మాలాంటివాళ్లకి బోర్డంటే నెల సంపాదన. రెండు స్లాట్లని అంత పెద్దగా వేసినచోట ఆ ఒక్క వాక్యానికి చోటు లేకపోయిందా?

మాన్యువల్ పేజీ ప్రింటు తీసుకెళ్లి రిపేరు కుర్రాడికి చూపించాను. రెండుసార్లు చదివి, ఏం మాట్లాడకుండా స్టూలెక్కి పై అరలోంచి ఇంకో బీ560 బోర్డు దించాడు. "స్లాట్ పోయిందని పక్కన పెట్టీసినాను సార్" అన్నాడు. దాని మీదా 10వ తరం ప్రాసెసరే ఉంది. కింది స్లాట్‌లో ఎస్ఎస్‌డీ పెట్టి ఆన్ చేశాడు. కనబడింది. అప్పటికప్పుడు దాని యజమానికి ఫోన్ చేశాడు.