కేమన్ జీటీ4 ఆర్‌ఎస్: ట్రాక్ అభిమానులు ఏం కోరారు, ఏం దక్కింది

2015లో పోర్షే మొదటి కేమన్ జీటీ4 స్పోర్ట్స్ కారు వచ్చిన నాటి నుంచీ ఆ కంపెనీ అభిమానులది ఒకటే కోరిక: 911 జీటీ3 ఇంజిన్‌ని ఈ బండిలో పెట్టాలి. కోరికకు కారణం ఉంది. 911లో ఇంజిన్ వెనక చక్రాలకు అవతల ఉంటుంది. కేమన్‌లో సీట్ల వెనకే, రెండు యాక్సిల్స్ నడుమ ఉంటుంది. బరువు నడిమధ్యన ఉన్న బండి మలుపులోకి ఇట్టే తిరుగుతుంది. అంత మంచి చాసీకి మొదటి జీటీ4లో 385 పీఎస్, 2019లో దాని తర్వాతి తరంగా వచ్చిన 718 జీటీ4లో 420 పీఎస్ ఇచ్చి సరిపెట్టారు. 911ని చిన్న తమ్ముడు మించిపోకూడదనే ఇలా చేస్తున్నారన్న అనుమానం అభిమానుల్లో బలంగా ఉండేది.

718 జీటీ4 మీద అసలు ఫిర్యాదు పవర్ గురించి కాదు, గేర్ల గురించి. రెండో గేరులోనే వేగం గంటకు 130 కిమీ దాటిపోయేది. ఇంజిన్ 8000 ఆర్‌పీఎం దాకా తిరుగుతుంది, కానీ ట్రాక్ మీద సగం మలుపుల్లో అది మధ్య ఆర్‌పీఎంలోనే మూలుగుతూ ఉండేది. రెండులో పెడితే ఎక్కువ, మూడులో పెడితే తక్కువ.

2021 నవంబరులో బయటికొచ్చిన జీటీ4 ఆర్‌ఎస్ ఈ రెండు కోరికల్నీ తీర్చింది. 911లో 992 తరం జీటీ3లోని 4 లీటర్ల ఫ్లాట్ సిక్స్ (సిలిండర్లు ఎదురెదురుగా పడుకుని ఉండే ఇంజిన్), ఆరు సిలిండర్లకు ఆరు విడి థ్రాటిళ్లు, డ్రై సంప్ (ఆయిల్‌కి విడి ట్యాంకు), 9000 ఆర్‌పీఎం, 500 పీఎస్, 450 న్యూటన్ మీటర్ల టార్క్. జీటీ3 కన్నా 10 పీఎస్ తగ్గింది, ఇక్కడ ఎగ్జాస్ట్ దారి పొడుగు కావడమే అందుకు కారణం. గేర్ల నిష్పత్తులు కుదించారు, అంటే ఒక్కో గేరు తక్కువ వేగానికే పై ఆర్‌పీఎంకి చేరుతుంది. 0 నుంచి 100 కిమీకి 3.4 సెకన్లు, గరిష్ఠ వేగం 315. బరువు 1415 కిలోలు, పీడీకే అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్న జీటీ4 కన్నా 35 కిలోలు తక్కువ. బానెట్, ముందు ఫెండర్లు కార్బన్ ఫైబర్‌వి, వెనక అద్దం పల్చటిది. జర్మనీలోని న్యూర్‌బుర్గ్‌రింగ్ ట్రాక్‌లో 20.832 కిమీ పూర్తి ల్యాప్ 7 నిమిషాల 9.3 సెకన్లు. పాత కొలత ప్రకారం 20.6 కిమీకి 7:04.511, అంటే జీటీ4 కన్నా 23.6 సెకన్లు ముందు. ఆ సమయం ఐచ్ఛికమైన, ట్రాక్ కోసం చేసిన మిషెలిన్ కప్ 2 ఆర్ టైర్ల మీద వచ్చిందని గుర్తుంచుకోవాలి. మామూలు కప్ 2లతో అదే ఆశిస్తే నిరాశ తప్పదు.

ఈ బండిని మిగతావాటి నుంచి వేరు చేసేది శబ్దం. వెనక క్వార్టర్ అద్దాలు ఉండాల్సిన చోట గాలి లాక్కునే కిటికీలు పెట్టారు. ఆ గాలిని ఇంజిన్‌కి అందించే పెట్టె, ఎయిర్ బాక్స్, డ్రైవర్ తల వెనకే ఉంటుంది. 5000 దాటాక ఇంజిన్ పీల్చే గాలి చప్పుడు చెవి పక్కనే మోగుతుంది, 8500 దగ్గర అది కేకగా మారుతుంది. ఎగ్జాస్ట్ మోత బయటివాళ్లకి, ఈ చప్పుడు మాత్రం నడిపేవాడికే. ఇంత దగ్గరగా ఇంజిన్ ఊపిరి వినిపించే బండి రోడ్డు నంబరు ప్లేటుతో మరొకటి దొరకడం కష్టం. ట్రాక్ మీద హెల్మెట్ లోపల ఇయర్ ప్లగ్స్ పెట్టుకోండి, 20 నిమిషాల సెషన్లు నాలుగైదు చేస్తే చెవులు గింగురుమంటాయి. అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లు కాలిఫోర్నియాలోని లగూనా సెకా ట్రాక్‌కు వెళ్లేట్టయితే ముందే ఆ రోజు డెసిబెల్ పరిమితి కనుక్కోవాలి. అక్కడ చాలా రోజులు 90 డెసిబెల్స్‌కే ఆపేస్తారు.

ఏరోలో, అంటే గాలిని వాడుకునే ఆకృతిలో, అందరూ స్వాన్ నెక్ (హంస మెడ) రెక్క గురించే మాట్లాడతారు. స్తంభాలు పైనుంచి పట్టుకుంటాయి కాబట్టి, రెక్క పనిచేసే కింది ముఖం మీద గాలికి అడ్డు ఉండదు. ట్రాక్ సెట్టింగ్‌లో జీటీ4 కన్నా 25 శాతం ఎక్కువ డౌన్‌ఫోర్స్ (బండిని రోడ్డుకు నొక్కే గాలి బలం) అని పోర్షే లెక్క. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు: వెనక రెక్క ఒక్కటే నిటారు చేసి, బండి అడుగున గాలిని నడిపే ముందు డిఫ్యూజర్ ముక్కల్ని రోడ్డు సెట్టింగ్‌లోనే వదిలేస్తారు. అప్పుడు వేగం పెరిగేకొద్దీ వెనక భాగం అతుక్కుంటుంది, ముందు భాగం తేలుతుంది, 150 దాటిన మలుపుల్లో బండి తిరగనని మొరాయిస్తుంది. రెండూ కలిపే మార్చాలి. ఫెండర్ల మీది చీలికలు చక్రాల గూళ్లలో పేరుకున్న గాలిని వదిలేస్తాయి, బానెట్ మీది రెండు నాకా డక్ట్‌లు బ్రేకులకు గాలినిస్తాయి. ఆ డక్ట్‌లలో టైరు రబ్బరు ముక్కలు, ఎండుటాకులు చేరతాయి, ప్రతి సెషన్ తర్వాతా ఒకసారి చూడండి.

తీరని కోరిక మొదటిది మాన్యువల్ గేరు. ఉన్నది 7 గేర్ల పీడీకే ఒక్కటే. అది అద్భుతమైన గేర్‌బాక్స్, ఒప్పుకోవాలి. కానీ ఇదే ఇంజిన్‌కి జీటీ3లో 6 గేర్ల మాన్యువల్ ఇచ్చారు. కాబట్టి కుదరదన్న మాట చెల్లదు. రెండోది సస్పెన్షన్. 992 జీటీ3కి ముందు డబుల్ విష్‌బోన్ (చక్రాన్ని పైనొకటి, కిందొకటి పట్టుకునే రెండు ఆర్మ్‌లు) వచ్చింది, ఈ బండికి నాలుగు వైపులా స్ట్రట్‌లే (కింద ఆర్మ్, పైన డ్యాంపరే ఆధారం). బండి ఒరిగినప్పుడు స్ట్రట్ మీది బయటి చక్రం నెగటివ్ కాంబర్ (పైభాగం లోపలికి వాలి ఉండే కోణం) కోల్పోయి, టైరు బయటి భుజం మీద నిలబడుతుంది. అందుకే ఈ బండికి అలైన్‌మెంట్ ముఖ్యం.

రోడ్డు సెట్టింగ్‌తోనే ట్రాక్‌కు పోతే ముందు టైర్ల బయటి అంచు ఒకటి రెండు రోజుల్లో అరిగిపోతుంది. ముందు కాంబర్ మైనస్ 2.5 నుంచి 3 డిగ్రీలు, వెనక మైనస్ 2 నుంచి 2.5 పెట్టించండి. కింది కంట్రోల్ ఆర్మ్ రెండు ముక్కలుగా ఉంటుంది. వాటి మధ్య షిమ్‌లు (పల్చటి లోహపు పలకలు) కలిపితే చక్రం అడుగు బయటికి జరిగి కాంబర్ పెరుగుతుంది. షిమ్ పెట్టగానే టో (చక్రం ముందు అంచు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మారిపోతుంది, దాన్ని మళ్లీ సరిచేయకపోతే బ్రేకు తొక్కినప్పుడు బండి అటూ ఇటూ వెతుక్కుంటుంది.

టైర్లు ముందు 245/35, వెనక 295/30, రెండూ 20 అంగుళాలవి. వేడెక్కాక గాలి 2.1 నుంచి 2.2 బార్ ఉండాలి. ప్రతి 10 డిగ్రీల వేడికి దాదాపు 0.1 బార్ పెరుగుతుంది కనుక, చల్లగా 1.7 లేదా 1.8తో మొదలుపెట్టి, పిట్‌లోకి రాగానే కొలిచి ఎక్కువైన గాలి వదలాలి. చెన్నై శివారు ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో ఇంకో చిక్కుంది: ఎండలో ఆపిన బండికి ఎండవైపు టైర్లు నీడవైపు కన్నా ఎక్కువ చూపిస్తాయి. ఆ లెక్క నమ్మి సరిచేస్తే రెండు వైపులా తేడా వస్తుంది. ముందు నీడలో పెట్టి, తర్వాతే గేజ్ తీయండి. పెట్రోలు విషయంలో, పెద్ద నగరాల్లో కొన్ని బంకుల్లో దొరికే ఎక్స్‌పీ100 (ఇండియన్ ఆయిల్ వారి 100 ఆక్టేన్ పెట్రోలు) పోయించడమే మేలు. ఆక్టేన్ తక్కువైతే నాకింగ్ (పెట్రోలు అదుపు తప్పి పేలడం) రాకుండా ఇంజిన్ స్పార్క్ టైమింగ్ వెనక్కి లాక్కుంటుంది, దాంతో పై ఆర్‌పీఎంలో పవర్ పోతుంది, మనం డబ్బు పోసింది ఆ పై ఆర్‌పీఎం కోసమే.

బ్రేకులు: ఇనుప డిస్కులు ముందు 408, వెనక 380 మిమీ. సిరామిక్‌వి 410, 390. సిరామిక్ తేలిక, దుమ్ము తక్కువ, కానీ వరసగా వేడెక్కితే డిస్కు లోపలి కార్బన్ కాలిపోతుంది, మార్చాలంటే ఖర్చు భారీ. నెలకోసారి ట్రాక్‌కు వెళ్లేవాళ్లు ఇనుమే తీసుకోండి. ప్యాడ్ సగానికి వచ్చాక ట్రాక్‌కు వాడొద్దు, పల్చబడ్డ ప్యాడ్ వేడిని ఆపలేక పిస్టన్ గుండా ఫ్లూయిడ్‌కి పంపిస్తుంది. ఫ్లూయిడ్ మరిగితే పెడల్ నేల దాకా దిగిపోతుంది. కొత్తగా ఉన్నప్పుడు మోతుల్ ఆర్‌బీఎఫ్ 660 325 డిగ్రీల దాకా మరగదు, కానీ తేమ తాగితే 204కి పడిపోతుంది. మన కోస్తా తేమకి అది తొందరగానే జరుగుతుంది, అందుకే ట్రాక్ సీజన్ ముందర ప్రతిసారీ మార్పించాలి.

చక్రాలకు సెంటర్ లాక్. ఒకే నట్టు, 600 న్యూటన్ మీటర్లు. నట్టు దారాలకు పోర్షే చెప్పిన పేస్ట్ రాసి, ఒకరు బ్రేకు తొక్కి పట్టుకుంటే 600కి బిగించి, పావు చుట్టు వదిలి, మళ్లీ 600కి బిగించాలి. లోపలి సేఫ్టీ లాక్ బయటికి తన్నుకొచ్చిందో లేదో వేలితో తడిమి చూడాలి. టైరు పంచర్ షాపులో ఇంపాక్ట్ గన్నుతో ఈ పని చేయనివ్వకండి.

ఇంకా వేగం కావాలంటే పోర్షే భాగస్వామి కంపెనీ మాంథే చేసిన కిట్ ఉంది. నాలుగు విధాల సర్దుబాటుండే డ్యాంపర్లు, పెద్ద రెక్కతో అదే న్యూర్‌బుర్గ్‌రింగ్ పూర్తి ల్యాప్ 7:03.121కి దిగింది. గతుకుల రోడ్డు మీద మాత్రం మామూలు ఆర్‌ఎస్ సస్పెన్షనే నడుం పట్టిస్తుంది. మామూలు 718 కన్నా 30 మిమీ కింద కూర్చుంటుంది, మన స్పీడ్ బ్రేకర్లకు ముందు పెదవి గీరుకుంటుంది. ఐచ్ఛికమైన వైసాక్ ప్యాకేజీతో వచ్చే టైటానియం కేజ్ (సీట్ల వెనక గొట్టాల చట్రం) చూడ్డానికి బాగుంటుంది గానీ, హెల్మెట్ లేకుండా రోడ్డు మీద తిరిగేవాళ్ల తల వెనక లోహపు గొట్టం ఉండటం మంచిది కాదు.

పెట్రోల్ 718 తయారీ 2025లో ముగిసింది. రాబోయే 718లో పై స్థాయి మోడళ్లకు పెట్రోల్ ఇంజిన్ కూడా ఉంటుందని పోర్షే అదే ఏడాది చెప్పింది. కాబట్టి మళ్లీ కోరికల జాబితా మొదలైంది. ముందు డబుల్ విష్‌బోన్ కావాలి, మాన్యువల్ ఐచ్ఛికంగానైనా కావాలి, బరువు 1415 దాటకూడదు. టర్బో పెడితే పవర్ పెరుగుతుంది గానీ, ఆ చెవి పక్కన ఎయిర్ బాక్స్‌లో వినిపించేదేమీ మిగలదు.