కమాతా నల్లనీళ్ల స్నానశాల: టీచర్లు వెళ్లొచ్చా?

టోక్యోలో ఓటా వార్డు, కమాతా స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో ఒక మిడిల్ స్కూల్లో ఇంగ్లీషు చెబుతాను. నాలాంటివాళ్లని ఇక్కడ ఏఎల్‌టీ, అంటే అసిస్టెంట్ లాంగ్వేజ్ టీచర్ అంటారు. జపనీస్ టీచరు పాఠం నడిపిస్తుంటే పక్కన నిలబడి చదివి వినిపించడం, పిల్లల చేత మాట్లాడించడం మా పని. నా అద్దె గదిలోని బాత్రూమ్‌లో మోచేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. అందుకని వీధి చివరి సెంతోకి, అంటే డబ్బిచ్చి స్నానం చేసే పాతకాలపు స్నానశాలకి అలవాటు పడ్డాను. జపాన్ రాబోతున్న మన టీచర్లు దీని గురించి తెగ అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నా. నా మార్కులు అయిదుకి నాలుగు.

ముందు డబ్బు సంగతి. టోక్యోలో మామూలు సెంతో రేటు మీద ప్రభుత్వం పరిమితి పెడుతుంది. 2024 ఆగస్టులో పెద్దవాళ్లకి అది 550 యెన్‌లు అయింది. ఆవిరి గదికి విడిగా కట్టాలి. సబ్బు, షాంపూ, తువ్వాలు మనం తెచ్చుకోవాలి, లేదంటే కౌంటర్‌లో కొనుక్కోవాలి. హెయిర్ డ్రయ్యర్‌లో 20 యెన్‌లు వేస్తే 3 నిమిషాలు తిరుగుతుంది. నడుము దాకా జుట్టున్న నాకు అది ఏ మూలకీ చాలదు. చిల్లర బాగా తెచ్చుకోండి.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న. అవును, ఒంటి మీద నూలుపోగు కూడా ఉండకూడదు. స్విమ్‌సూట్ ఒప్పుకోరు. ఆడవాళ్లకి, మగవాళ్లకి వేర్వేరు గదులు, మధ్యలో గోడ. ఆ గోడ పైకప్పు దాకా ఉండదు కాబట్టి అవతలి మాటలన్నీ వినిపిస్తాయి. ఒక పెద్దాయన రోజూ అటునుంచి "అయిందా?" అని కేకేస్తాడు. ఇటునుంచి ఆవిడ "ఇంకా లేదు" అంటుంది. సిగ్గు ఎంతసేపు ఉంటుందంటే, అక్కడ మనల్ని ఎవరూ చూడటం లేదని అర్థమయ్యేదాకా. మీరు ఒళ్లు రుద్దుకోకుండా అందరూ కలిసి నానే తొట్టిలోకి దిగబోతే మాత్రం అందరూ చూస్తారు. పీట మీద కూర్చుని, పక్కవాళ్ల మీద నీళ్లు చిందకుండా, సబ్బు నురగ మొత్తం పోయేలా కడుక్కున్నాకే తొట్టి. జుట్టు ముడి వేసుకోవాలి. చిన్న తువ్వాలు నీళ్లలో ముంచకూడదు, నెత్తి మీద పెట్టుకోవచ్చు. బట్టల గదిలోకి వచ్చేముందు ఒళ్లు తుడుచుకోవాలి. ముఖ్యమైన నియమాలు ఇవే.

కమాతా చుట్టుపక్కల ప్రత్యేకత నల్ల నీళ్లు. ఎప్పుడో భూమి అడుగున చేరిన మొక్కల అవశేషాలు కరిగి, బావిలోంచి వచ్చే నీళ్లు డికాక్షన్ రంగులో ఉంటాయి. దిగితే మోకాళ్లు కనిపించవు. వాసనేమీ రాదు, చర్మం మాత్రం జారుడుగా, మెత్తగా అవుతుంది. మా దగ్గర వేడి తొట్టి ఒకటి, చన్నీళ్లది ఒకటి ఈ నల్ల నీళ్లతోనే ఉన్నాయి. వేడి తొట్టి నిజంగా వేడి. గోడ మీద థర్మామీటర్ 43 చూపిస్తుంది, రోజూ వచ్చే ముసలమ్మలు అది చల్లారిపోయిందని ఫిర్యాదు చేస్తారు. మూలన కరెంటు తొట్టి ఉంది. నీళ్లలోంచి సన్నగా కరెంటు పంపిస్తారు, నడుం నొప్పికి మంచిదంటారు. కండరాలు వాటంతటవే బిగుసుకుపోతాయి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు అటు వెళ్లనే కూడదు. నా మటుకు నేను డబ్బు ఎదురిచ్చినా దిగను.

గోడ మీద ఫుజీ కొండ బొమ్మ, పసుపు రంగు ప్లాస్టిక్ బేసిన్లు, రెండూ ఉన్నాయి. ఆ బేసిన్ల అడుగున కెరోరిన్ అనే తలనొప్పి మందు ప్రకటన ఉంటుంది. 1963లో మొదలైన ప్రకటన అది, ఇప్పటికీ అక్షరాలు చెరిగిపోలేదు.

అసలు నేను మళ్లీ మళ్లీ వెళ్లేది నీళ్ల కోసం కాదు, బయటి హాలు కోసం. స్టాఫ్ రూమ్‌లో నాతో అందరూ మర్యాదగా ఉంటారు, అంతకు మించి మాటలుండవు. మా వైస్ ప్రిన్సిపాల్ అయితే "గుడ్ మార్నింగ్" దాటి ఇంకో మాట అనగా వినలేదు. ఒక ఆదివారం సాయంత్రం ఆయనే తడి తల, భుజాన తువ్వాలుతో హాల్లో కూర్చుని సుమో చూస్తున్నాడు. నన్ను పిలిచి, ఏ మల్లుడు ఎందుకు గెలుస్తాడో అరగంట చెప్పాడు, చేతులతో పట్లు పట్టి మరీ చూపించాడు. సోమవారం స్కూల్లో మళ్లీ "గుడ్ మార్నింగ్". ఇప్పుడు సుమో పోటీలు వచ్చే బేసి నెలల్లో ఆదివారాలు నాకు ఖాళీ ఉండవు.

క్లాసులో నోరు మెదపని పిల్లలు కూడా ఇక్కడ హాల్లో కాఫీ పాల సీసాలు పట్టుకుని "హలో! హౌ ఆర్ యూ!" అని అరుస్తారు. జవాబు చెప్పేలోగా పారిపోతారు, అది వేరే విషయం. ఒకావిడ నన్ను చూడగానే "సెన్సే (టీచరుగారూ), మీరు చెప్పింది మా మనవడికి అర్థమవుతోందా?" అని మొదలుపెట్టి, చివరికి నాకు ఉప్పులో వేసిన రేగిపండ్లలాంటి ఉమెబోషి డబ్బా ఇచ్చి వెళ్లింది. చాలామంది విదేశీ టీచర్లు పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు కనిపిస్తారని భయపడి రైలెక్కి దూరపు స్నానశాలలకి పోతారు. నేను వద్దనే చెబుతాను. అంత దూరం పోతే అక్కడ మీరు ఊరికే ఒక విదేశీయురాలు, ఇక్కడైతే మీరు ఫలానా స్కూలు టీచరు.

ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, బట్టల గది ఇరుకు, శుక్రవారం రాత్రి లాకర్లు దొరకవు, రాత్రి పదకొండుకల్లా తుడుపుకర్రతో వచ్చి నిలబడతారు. అయినా 1968లో దేశమంతా కలిపి దాదాపు 18 వేలున్న సెంతోలు ఇప్పుడు 2 వేల లోపుకి పడిపోయాయి. నీళ్లు కాచడానికి వాడే ఇంధన నూనె ధర పెరిగింది, ఇంటింటా స్నానాల గదులు వచ్చాయి, నడిపేవాళ్ల పిల్లలకి ఈ పని అక్కర్లేదు. మా కౌంటర్‌లో కూర్చునే ఆవిడకి డెబ్బై దాటాయి. ఆవిడ తర్వాత ఎవరని నేను అడగలేదు.

పరీక్షల వారంలో మాత్రం వెళ్లకండి. హాల్లో ఉన్న అమ్మమ్మలందరికీ మార్కులు ముందే కావాలి. పేపర్లు దిద్దేది నేను కాదంటే ఒక్కరూ నమ్మరు.