మా ఇంట్లో "ఏం లేదులే అత్తయ్యా" అనే మాట తగ్గింది: లైవ్ ట్రాన్స్‌క్రైబ్ చాలాకాలం వాడాక

చెవులు సరిగా వినపడని పెద్దవాళ్ళు ఉన్న ప్రతి ఇంట్లోనూ ఒక మాట వినిపిస్తుంది. నలుగురూ కూర్చుని మాట్లాడుకుంటూ ఉంటారు, ఎవరో ఏదో అంటే అందరూ నవ్వుతారు. ఆ పెద్దావిడ మాత్రం మొహాలు చూసి "ఏంటర్రా, ఏమంటున్నారు?" అని అడుగుతుంది. "ఏం లేదులే" అంటారు. మళ్ళీ గట్టిగా అరిచి చెప్పే ఓపిక లేక అనే మాటే, కానీ అవతలి మనిషికి అది మొహం మీద తలుపు వేసినట్టే ఉంటుంది. మా అత్తయ్య ఆ మాట చాలా ఏళ్ళు విన్నారు. చెవి మిషన్ కొనిచ్చాం. కుయ్యిమని మోగుతోందనీ, గిన్నెల చప్పుడు బుర్రలో కొడుతోందనీ తీసి బీరువాలో పెట్టేశారు.

ఇప్పుడు ఆవిడ ఒళ్ళో ఫోన్ ఉంటుంది. మేం మాట్లాడుతుంటే ఆ మాటలు తెలుగు అక్షరాల్లో తెర మీద పడుతుంటాయి, ఆవిడ చదువుకుంటూ మధ్యలో జవాబిస్తారు. ఇంతే ఈ లైవ్ ట్రాన్స్‌క్రైబ్ అనే గూగుల్ యాప్ చేసే పని. ఈ ఒక్కదాని కోసం నేను ఎవరికైనా ఫోన్ కొనిపిస్తాను.

నాకు ఒళ్ళు మండేది ఒక్కటే. ఈ సంగతి ఎవరూ చెప్పరు. ఫోన్ కొన్న షాపులో కెమెరా గురించి అరగంట చెప్పారు, వినపడని మనిషికి పనికొచ్చే ముక్క ఒక్కటీ చెప్పలేదు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ప్లే స్టోర్ నుంచి ఉచితంగా వేసుకోవాలి, తర్వాత సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ అనే చోటుకు వెళ్ళి ఆన్ చేయాలి. ఆ పేజీలోకి మామూలుగా ఎవరు వెళ్తారు? భాష తెలుగు పెట్టి, అక్షరాల సైజు బాగా పెంచి, తెర అంచున ఒక బటన్ వచ్చేలా షార్ట్‌కట్ పెట్టిస్తే, ఆ తర్వాత పెద్దవాళ్ళు ఎవరి సాయమూ లేకుండా వాడుకుంటారు. లైవ్ క్యాప్షన్ అని ఇంకోటి ఉంటుంది. అది ఫోన్లో మోగే వీడియోల కోసం, గదిలో మనుషులు మాట్లాడేది వినేది ఇదే.

గూగుల్ దీన్ని 2019 ఫిబ్రవరిలో బయటికి తెచ్చింది. దీని వెనకున్న డిమిత్రి కనెవ్‌స్కీ అనే పరిశోధకుడికి చిన్నప్పటి నుంచీ వినపడదు. సాటి ఉద్యోగులతో మాట్లాడటానికి ఆయన పడ్డ ఇబ్బందిలోంచే ఇది పుట్టింది. అమెరికాలో వినికిడి లేనివారి కోసం ఉన్న గాలొడెట్ విశ్వవిద్యాలయం కూడా తయారీలో చెయ్యి వేసింది. వాడుతుంటే ఆ సంగతి తెలుస్తుంది. తెర మూలలో రెండు వలయాలు కదులుతుంటాయి, ఒకటి చుట్టూ ఉన్న రొదకు, ఇంకోటి మాట్లాడే గొంతుకు. రొద గొంతును మింగేస్తుంటే అక్కడే కనిపిస్తుంది. అత్తయ్య అది చూసి "మిక్సీ ఆపి చెప్పమ్మా" అంటారు. అంతకుముందు వినపడకపోతే తప్పు తన చెవులదే అనుకుని ఊరుకునేవారు.

ఇక మా ఇంట్లో అందరూ నోరెళ్ళబెట్టిన సాయంత్రం గురించి చెప్పాలి. మా మరిదిగారబ్బాయికి సంబంధం చూస్తున్నాం. పిల్ల నచ్చింది, ఉద్యోగం బాగుంది, ఫొటోలు చేతులు మారుతున్నాయి. హాల్లో అందరం ఒకేసారి మాట్లాడుతున్నాం. అత్తయ్య మూల కుర్చీలో ఫోన్ పట్టుకుని కూర్చున్నారు, ఆవిడ వైపు ఎవరూ చూడలేదు. మావారు పిల్ల తాలూకు వివరాలు చదువుతూ, వాళ్ళ అమ్మమ్మ పుట్టిల్లు మధిర దగ్గరని, ఆవిడ పేరు ఫలానా అని అన్నారు. అత్తయ్య కళ్ళజోడు సవరించుకుని తెరను దగ్గరికి తెచ్చుకున్నారు. పేరులో ఒక అక్షరం తప్పు పడింది, అయినా ఆవిడకు అర్థమైపోయింది. "ఆగండర్రా" అన్నారు. "ఆ అమ్మమ్మా, మా అమ్మా సొంత అక్కచెల్లెళ్ళు. ఆ పిల్ల నాకు కూతురు వరస. మనవాడికి మేనత్త అవుతుంది!"

అందరం ఆగిపోయాం. రాకపోకలు ఎప్పుడో పోయిన చుట్టరికం, మా తరంలో ఎవరికీ తెలియదు. మా మరిది ఫోన్లు చేసి కనుక్కుంటే ఆవిడ చెప్పిందే నిజం. ఆ సంబంధం అక్కడితో ఆగింది. అదే మాకు ఇది రాకముందైతే ఆవిడ "ఏంటర్రా?" అని అడిగేవారు, "పెళ్ళి మాటలులే అత్తయ్యా" అని నేను అనేదాన్ని, తాంబూలాల దాకా వెళ్ళేది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఏ ముఖ్యమైన మాట మొదలైనా ముందు ఎవరో ఒకరు "అమ్మ ఫోన్ ఆన్ చేసిందా?" అని చూస్తారు.

అక్షరాలు పడే తీరు కూడా దగ్గర నుంచి చూడాల్సిందే. మాట నోట్లో ఉండగానే తెర మీద పడుతుంది, వాక్యం ముందుకు వెళ్ళేకొద్దీ వెనక పడింది దిద్దుకుంటుంది. "కూర" అని పడి, రెండు మాటల తర్వాత "కూతురు" అవుతుంది. అందుకే అత్తయ్య వెంటనే జవాబు చెప్పరు, వాక్యం కుదురుకునే దాకా ఒక క్షణం ఆగుతారు. బీపీ, టాబ్లెట్, రిపోర్ట్ లాంటి మాటలు తెలుగు లిపిలోనే బాగా వస్తాయి. మా పక్కింటావిడ గబగబా మాట్లాడేస్తే మాత్రం సగం తారుమారు అవుతుంది. అందరూ ఒకేసారి మాట్లాడితే ఎవరు ఏది అన్నారో మా ఫోన్లో తెలియదు, అంతా ఒకే పేరాగా వస్తుంది.

డాక్టరు దగ్గర మాత్రం నేను పూర్తిగా దీని మీద వదలను. మోకాళ్ళ నొప్పులకు ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరుగారు మాస్కు పెట్టుకుని, కంప్యూటర్ వైపు తిరిగి, "నొప్పి ఎక్కువైనా రెండోది వేసుకోవద్దు" అన్నారు. పైన ఫ్యాన్ రొద. తెర మీద "వేసుకోవచ్చు" అని పడింది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి సరిపోయింది. మన వాక్యంలో చెయ్యమనేదీ, వద్దనేదీ చివర్లోనే తేలుతుంది. సరిగ్గా అక్కడే చాలామంది గొంతు తగ్గిస్తారు. ఇంట్లో దగ్గరగా కూర్చుని మాట్లాడేటప్పుడు ఈ ఇబ్బంది నాకు ఎదురుకాలేదు, కానీ రొద ఉన్న గదిలో మందుల మాట వచ్చిందంటే జాగ్రత్త పడాల్సిందే. అప్పటి నుంచి బయటికి వచ్చేముందు తెర డాక్టరుగారి వైపు తిప్పి "మీరు చెప్పింది ఇదేనా?" అని అడుగుతున్నాం. మోతాదులు చీటీ మీద రాయించుకుంటున్నాం. మాటలను మూడు రోజుల పాటు దాచే సెట్టింగ్ కూడా ఉంది. ఇంటికొచ్చాక చీటీతో సరిచూసుకోవడానికి బాగా పనికొస్తుంది.

ఫోన్ కాల్స్ సంగతి. అదే ఫోన్లో కాల్ నడుస్తుంటే ఇది వినలేదు. డాలస్‌లో ఉన్న మనవరాలు ఫోన్ చేసినప్పుడు కాల్ నా ఫోన్లో స్పీకర్ పెట్టి, అత్తయ్య ఫోన్ దాని పక్కన పెడతాం. ఆ పిల్ల తెలుగులో మొదలుపెట్టి ఇంగ్లీషులోకి జారిపోతుంది. రెండో భాషగా ఇంగ్లీషు పెట్టి ఉంచాం, తెర కింద ఒక నొక్కుతో మారుతుంది. ఇంగ్లీషు అక్షరాలు పడితే అత్తయ్య "తెలుగులో చెప్పు తల్లీ" అంటారు, ఆ పిల్ల చెప్తుంది. దాని తెలుగు కూడా కాస్త మెరుగైంది.

నెట్ లేకపోతే మా ఫోన్లో తెలుగు రాదు. ఊళ్ళో చుట్టాలింటికి వెళ్తే సిగ్నల్ అందక ఆవిడ మళ్ళీ మొహాలు చూస్తూ కూర్చోవాల్సి వచ్చింది, అక్కడ నాకు చాలా బాధేసింది. తెర ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది కాబట్టి ఛార్జింగ్ కూడా తొందరగా దిగుతుంది. శుభకార్యాలకు పవర్ బ్యాంక్ లేకుండా వెళ్ళం. ఫంక్షన్ హాల్లో బాజాలు మోగుతుంటే ఏమీ చేయలేదు. కాలర్‌కు పెట్టుకునే చిన్న మైకు కలిపితే నాలుగు మాటలు అందాయి. మాటలు ఎవరైనా వింటారేమో అని మా మరిదికి అనుమానం ఉండేది. ఆడియోను తమ సర్వర్లలో ఉంచుకోవడం లేదని గూగుల్ చెబుతోంది. అయినా బ్యాంకు, డబ్బు విషయాలు మాట్లాడేటప్పుడు మేం ఆపేస్తాం.

చెవి మిషన్‌కు బదులు ఇది చాలని నేను అనను. మా అత్తయ్యకు సరిపడే మిషన్ దొరికి ఉంటే మేం ఇక్కడిదాకా వచ్చేవాళ్ళం కాదేమో. ఆవిడ పాత ఎస్ఎస్ఎల్సీ, పేపరు మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివే మనిషి, కళ్ళకు శుక్లాల ఆపరేషన్ అయింది, ఇంట్లో వైఫై ఉంది, పగలంతా పక్కన నేనున్నాను. ఇవన్నీ కుదిరాయి కాబట్టి మాకు ఇంత బాగా పనిచేసింది. చదవడం రాని పెద్దవాళ్ళకూ, చూపు మందగించినవాళ్ళకూ ఇది అక్కరకు రాదు. వాళ్ళను ముందు చెవి డాక్టరుకే చూపించండి. చదవగలిగినవాళ్ళయితే ఈ వారమే ఫోన్లో వేసిచ్చి, పక్కన కూర్చుని ఒక పూట మాట్లాడి చూపించండి. మొదటిరోజు విసుక్కుంటారు, మా అత్తయ్యా విసుక్కున్నారు.